ఎమ్‌పీపీడీ సాఫ్ట్‌వేర్ రివ్యూ: నానో కణం ఎక్కడ పడుతుందో బాగా చెబుతుంది, తర్వాత ఎటు పోతుందో సగమే చెబుతుంది

ఎమ్‌పీపీడీ అంటే మల్టిపుల్ పాత్ పార్టికల్ డోసిమెట్రీ. పీల్చిన కణాల్లో ఎన్ని ముక్కు, గొంతులో ఆగుతాయి, ఎన్ని శ్వాసనాళాల గోడలకు అంటుకుంటాయి, ఎన్ని వాయుగోణుల (ఊపిరితిత్తుల చివర ఉండే చిన్న గాలి సంచుల) దాకా చేరతాయి అన్నది లెక్కగట్టే ఉచిత విండోస్ ప్రోగ్రామ్ ఇది. అమెరికాలోని సీఐఐటీ, నెదర్లాండ్స్‌లోని ఆర్‌ఐవీఎమ్ అనే పరిశోధన సంస్థలు కలిసి తయారుచేశాయి. తర్వాత అప్లైడ్ రీసెర్చ్ అసోసియేట్స్ సంస్థ దీన్ని ముందుకు తీసుకెళ్లింది. పెద్ద ధూళికణాల విషయంలో దీని పనితీరు వేరే కథ, ఇక్కడ చూసేది నానో కణాల వరకే.

ముందే చెప్పేస్తే, కణాలు పడే లెక్కకు దీన్ని నిశ్చింతగా వాడొచ్చు. ఊపిరితిత్తులు వాటిని బయటికి పంపే లెక్కకు జాగ్రత్తగా వాడాలి. రక్తం, కాలేయం, మెదడు సంగతి దీన్ని అడగనే కూడదు, ఎందుకంటే ఆ భాగం ఇందులో లేదు. చిక్కేమిటంటే, స్క్రీన్ మీద గ్రాఫ్ అందంగా వచ్చేసరికి ఈ మూడింటి మధ్య తేడా చాలామంది మరిచిపోతారు.

మనిషి ఊపిరితిత్తులకు ఇందులో చాలా నమూనాలున్నాయి. మామూలు పనికి యే-షుమ్ అయిదు లోబుల (ఊపిరితిత్తుల తమ్మెల) నమూనా చాలు. శ్వాసనాళాల కొమ్మలు మనిషికీ మనిషికీ ఎలా మారతాయో చూపే స్టోకాస్టిక్ నమూనా మంచిదే గానీ, రోజువారీ అంచనాకు అంత అవసరం పడదు. ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసే మనిషికి 20 నానోమీటర్ల కణాలిస్తే దాదాపు సగం వాయుగోణుల్లో పడినట్టు చూపిస్తుంది. 5 నానోమీటర్లకు దిగితే ముక్కు-గొంతు, శ్వాసనాళాలు, వాయుగోణులు మూడూ ఇంచుమించు సమానంగా పంచుకుంటాయి. 1 నానోమీటర్ దగ్గర అత్యధిక భాగాన్ని ముక్కే పట్టేస్తుంది. పైకి వెళ్తే 300 నానోమీటర్ల చుట్టుపక్కల వాయుగోణుల్లో పడేది పదో వంతుకు దిగుతుంది. బ్రౌనియన్ చలనానికి (గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ కదలడానికి) ఆ కణం మరీ బరువు, కిందికి దిగడానికి మరీ తేలిక. అందుకే ఎక్కువ భాగం లోపలికెళ్లినట్టే ఊపిరితో బయటికొచ్చేస్తుంది. ఈ గీతలు అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం (ఐసీఆర్‌పీ) 66వ ప్రచురణలోని వాటితో బాగానే కలుస్తాయి.

తప్పులు జరిగేది ఇన్‌పుట్ దగ్గరే. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది డబ్బా మీద రాసిన సైజును నేరుగా టైప్ చేయడం. పౌడర్ లేబుల్ మీద 21 నానోమీటర్లు అని ఉంటే అది ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో కనిపించే ప్రాథమిక కణం సైజు. సంచి విప్పినప్పుడు, గరిటెతో తీసినప్పుడు గాలిలోకి లేచేది వందల నానోమీటర్ల నుంచి మైక్రాన్ల దాకా ఉండే గుత్తులు. ఊపిరితిత్తికి ఎదురయ్యేది ఆ గుత్తే. ఎనిమిది గంటల్లో 1 మిల్లీగ్రామ్ పీల్చిన మనిషికి 20 నానోమీటర్లు టైప్ చేస్తే సుమారు అర మిల్లీగ్రామ్, 300 నానోమీటర్లు టైప్ చేస్తే సుమారు 0.1 మిల్లీగ్రామ్ వాయుగోణుల్లో పడినట్టు వస్తుంది. ఆ గదిలో గాలిని కొలవకుండా ఈ ప్రోగ్రామ్ తెరవడం వృథా.

రెండో ఉచ్చు వ్యాసం (డయామీటర్) పెట్టెలో ఉంది. సీఎండీ (సంఖ్య ప్రకారం మధ్యస్థ వ్యాసం), ఎమ్‌ఎమ్‌డీ (బరువు ప్రకారం మధ్యస్థ వ్యాసం), ఎమ్‌ఎమ్‌ఏడీ (బరువు ప్రకారమే, కానీ గాలిలో కదిలే తీరును బట్టి లెక్కించిన వ్యాసం) అని మూడు ఎంపికలుంటాయి. గాలిలోని కణాలను సైజుల వారీగా లెక్కపెట్టే ఎస్‌ఎమ్‌పీఎస్ పరికరం ఇచ్చేది కణాల సంఖ్య ప్రకారం మధ్యస్థ సైజు, అంటే సీఎండీ. దాన్ని ఎమ్‌ఎమ్‌డీ పెట్టెలో వేస్తే మొత్తం లెక్క తప్పుతుంది. సంఖ్య ప్రకారం మధ్యస్థం 50 నానోమీటర్లు, జీఎస్‌డీ (సైజులు ఎంత విస్తరించి ఉన్నాయో చెప్పే అంకె) 2.0 ఉన్న ధూళికి బరువు ప్రకారం మధ్యస్థం 211 నానోమీటర్లు. అదే జీఎస్‌డీ 1.6 అయితే 97. ఒకే ధూళిలో ఎక్కువ కణాలు చిన్నవాటిలో, ఎక్కువ బరువు పెద్దవాటిలో ఉంటుంది గనుక రెండు లెక్కలూ చేసి, ఏది ఏ ప్రశ్నకు జవాబో పక్కనే రాసుకోవాలి.

సాంద్రత విషయంలో ఊరట ఏమిటంటే, 100 నానోమీటర్ల లోపు కణాలను నడిపించేది విసరణే (ఆ బ్రౌనియన్ చలనమే), కాబట్టి అక్కడ సాంద్రతతో పెద్దగా పనిలేదు. శరీర భంగిమ ఎంపికకూ అదే వర్తిస్తుంది. నిలబడినా పడుకున్నా ఆ కణాలకు ఒకటే. గుత్తుల దగ్గరకొచ్చేసరికి సాంద్రత ముఖ్యమవుతుంది. టైటానియం డయాక్సైడ్ పదార్థానికి ఘనపు సెంటీమీటరుకు 4.2 గ్రాములు అని పట్టికలో ఉంటుంది గానీ, మధ్యలో ఖాళీలున్న గుత్తి సాంద్రత అంతకంటే చాలా తక్కువ. 500 నానోమీటర్ల గుత్తికి 4.2 ఇస్తే అది లేని బరువుతో కిందికి దిగిపోతుంది.

ఊపిరి సెట్టింగ్ గురించి విడిగా చెప్పాలి. డిఫాల్ట్‌గా ఒక శ్వాసకు 625 మిల్లీలీటర్లు, నిమిషానికి 12 శ్వాసలు, అంటే నిమిషానికి 7.5 లీటర్లు. ఐసీఆర్‌పీ పట్టికలో ఈ అంకెలు ఎవరివో చూడండి: నిద్రపోతున్న మగవాడివి! కూర్చున్న వాడికి 750 మిల్లీలీటర్లు, తేలికపాటి పని చేసేవాడికి 1,250 మిల్లీలీటర్లు, నిమిషానికి 20 శ్వాసలు. ఎనిమిది గంటల షిఫ్టుకు డిఫాల్ట్ మీద 3.6 ఘనపు మీటర్ల గాలి లోపలికెళ్తే, తేలికపాటి పనిలో 12 ఘనపు మీటర్లు వెళ్తుంది. అల్ట్రాఫైన్ (నానో సైజు) టైటానియం డయాక్సైడ్‌కు అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 2011లో సూచించిన పరిమితి ఘనపు మీటరుకు 0.3 మిల్లీగ్రామ్. ఆ గాలిలో పనిచేసేవాడు పీల్చేది డిఫాల్ట్ ప్రకారం 1.08 మిల్లీగ్రామ్, నిజంగా పనిలో ఉంటే 3.6. ఈ ఒక్క పెట్టె మార్చకపోతే మూడు రెట్లకు పైగా తేడా. డిఫాల్ట్‌ను ఇలా వదిలేయడం ప్రోగ్రామ్ చేసినవాళ్ల తప్పు కాకపోవచ్చు గానీ, ఒక హెచ్చరిక పెట్టి ఉంటే బాగుండేది.

ఇక ఊపిరితిత్తులు కణాలను బయటికి పంపే భాగం. 'డిపాజిషన్ ఓన్లీ' (పడే లెక్క మాత్రమే) బదులు క్లియరెన్స్ (బయటికి పంపే లెక్క) కూడా ఎంచుకుంటే రోజుకు ఎన్ని గంటలు, వారానికి ఎన్ని రోజులు, ఎన్ని వారాలు, ఆ తర్వాత ఎన్ని రోజులు చూడాలి అని అడుగుతుంది. శ్వాసనాళాల్లో పడ్డవాటిని శైలికలు (గోడల మీది సన్నని నూగు) తెమడతో పాటు గొంతు వైపు నెడతాయి. పెద్ద శ్వాసనాళంలో తెమడ వేగం నిమిషానికి 5.5 మిల్లీమీటర్లని డిఫాల్ట్. అలా పైకొచ్చింది మింగితే పొట్టలోకి, అక్కణ్నుంచి చాలావరకు మలంలోకి పోతుంది. ప్రోగ్రామ్ ప్రకారం ఒకటి రెండు రోజుల్లో శ్వాసనాళాలు ఖాళీ. నానో కణాల విషయంలో ఇది మరీ ఆశావాదం. అవి తెమడ కింది ద్రవంలోకి దిగి శైలికల మధ్య చిక్కుకుంటాయి, కొన్ని పైపొర జీవకణాల్లోకే దూరతాయి. ఒకరోజు తర్వాత కూడా చెప్పుకోదగ్గ భాగం అక్కడే ఉంటుంది.

వాయుగోణుల్లో శైలికలు లేవు. అక్కడ పని మాక్రోఫేజ్‌లది, అంటే బయటి వస్తువులను మింగే రక్షణ జీవకణాలది. మనిషి విషయంలో ప్రోగ్రామ్ వాడే రేట్లు ఐసీఆర్‌పీ 66 నాటివి, అంటే 1994వి: ఉన్నదాంట్లో రోజుకు బయటపడే వంతు 0.02, 0.001, 0.0001. అర్ధాయువులుగా చూస్తే 35 రోజులు, 690 రోజులు, 19 ఏళ్లు. పడినదాంట్లో 30, 60, 10 శాతం వరుసగా ఈ మూడు రేట్లున్న మూడు గదుల్లోకి (నమూనాలోని ఊహా భాగాల్లోకి) పోతుంది. 2015లో వచ్చిన 130వ ప్రచురణ దీన్ని మార్చేసింది. వాయుగోణుల నుంచి శ్వాసనాళాల వైపు రోజుకు 0.002, ఊపిరితిత్తి కణజాలం లోపలికి 0.001, అక్కణ్నుంచి లింఫ్ గ్రంథులకు 0.00003. కరగని కణాల్లో మూడో వంతు కణజాలంలోకి దిగి దాదాపు అక్కడే ఉండిపోతుందని దీని సారాంశం.

ఈ మార్పు అంకెల్లో ఎలా ఉంటుందో చూద్దాం. పీల్చడం ఆపి ఏడాది అయ్యాక పాత రేట్లతో 51 శాతం మిగిలితే, కొత్తవాటితో 56. తేడా పట్టించుకోనక్కర్లేదు. పదేళ్లకు పాత లెక్క 8 శాతం అంటుంది, కొత్త లెక్క 30. ఉద్యోగమంతా పీల్చిన మనిషి విషయంలో ఇది దాదాపు నాలుగు రెట్ల తేడా. పెట్టెల్లో రేట్లు మార్చుకోవచ్చు గానీ గదుల అమరికే వేరు గనుక కొత్త నమూనాను ఇందులో యథాతథంగా నడపలేం. అయిదేళ్లు దాటే లెక్కకు ఎక్సెల్‌లో మూడు సమీకరణాలు రాసుకోవడమే మేలు.

నానో కణాలకు ఇంకో సమస్య ఉంది. మాక్రోఫేజ్‌లు 100 నానోమీటర్ల లోపు విడివిడి కణాలను సరిగా పట్టుకోలేవు. ఎలుకల మీద 20 నానోమీటర్ల ఇరిడియంతో చేసిన పరిశోధనలో ఊపిరితిత్తులను కడిగి తీసిన మాక్రోఫేజ్‌లలో దొరికింది కొద్ది భాగమే. మిగతావి పైపొరలోకి, దాని కిందికి దిగాయి. వింతేమిటంటే, వాటిలో చాలావరకు నెలల తరబడి మళ్లీ పైకొచ్చి మాక్రోఫేజ్‌ల ద్వారానే గొంతు వైపు బయటపడ్డాయి. అందుకే మొత్తం వేగం చూస్తే ప్రోగ్రామ్ అంకె మరీ తప్పు కాదు, దారి మాత్రం వేరు.

ఎలుక లెక్కలకు డిఫాల్ట్ ఒక శ్వాసకు 2.1 మిల్లీలీటర్లు, నిమిషానికి 102 శ్వాసలు. ఎలుక వాయుగోణుల అర్ధాయువు సుమారు 70 రోజులు. మనిషి దానికంటే ఎన్నో రెట్లు నెమ్మది. ఎలుక ప్రయోగాన్ని మనిషికి మార్చేటప్పుడు మిల్లీగ్రాములు కాదు, వాయుగోణుల ఉపరితలం మీద చదరపు సెంటీమీటరుకు ఎంత పడిందో పోల్చండి. ఓవర్‌లోడ్‌ను, అంటే కణాలు మరీ ఎక్కువై మాక్రోఫేజ్‌లు మొరాయించడాన్ని, మీరే చూసుకోవాలి. మాక్రోఫేజ్ ఘనపరిమాణంలో 6 శాతం కణాలతో నిండగానే దాని కదలిక తగ్గడం మొదలవుతుంది, 60 శాతానికి ఆగిపోతుంది. ఖాళీలున్న గుత్తులు తక్కువ బరువుకే ఎక్కువ చోటు తింటాయి కాబట్టి మిల్లీగ్రాముల్లో పెట్టుకున్న హద్దు నానో పౌడర్‌కు మోసం చేస్తుంది.

రక్తంలోకి వెళ్లే భాగానికి ప్రోగ్రామ్‌లో మీటే లేదు. దాన్ని చేత్తో కలుపుకోవాలి. బంగారు కణాలతో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో సైజు పెరిగేకొద్దీ రక్తంలోకి దాటేది బాగా తగ్గింది. 2010లో వచ్చిన ఎలుకల పరిశోధన ప్రకారం సుమారు 34 నానోమీటర్ల లోపు కణాలు త్వరగా లింఫ్ గ్రంథులకు చేరతాయి, తగిన పూత ఉన్న 6 నానోమీటర్ల లోపువి రక్తంలోకి, మూత్రంలోకి కూడా పోతాయి. 2017లో మనుషులకు బంగారు నానో కణాలు పీల్పిస్తే కొందరి రక్తంలో 15 నిమిషాల్లోనే కనిపించాయి, మూత్రంలో మూడు నెలల తర్వాత కూడా దొరికాయి.

కరగని 18 నుంచి 80 నానోమీటర్ల కణాలకు 0.1 శాతం, 1 శాతం అని రెండు హద్దులు పెట్టుకుని నడిపితే పనికొచ్చే అంచనా వస్తుంది. డిఫాల్ట్ శ్వాసతో పీల్చిన 1.08 మిల్లీగ్రామ్‌లో సగం, అంటే 0.54 మిల్లీగ్రామ్, వాయుగోణుల్లో పడితే అది 0.54 నుంచి 5.4 మైక్రోగ్రాములు. తక్కువగా వినిపిస్తే ఇది చూడండి: 20 నానోమీటర్ల టైటానియం డయాక్సైడ్ 1 మైక్రోగ్రామ్‌లో సుమారు 5,700 కోట్ల కణాలుంటాయి. రక్తంలోకి దిగినవాటిలో పెద్ద వాటా కాలేయంలోని కుఫర్ కణాలకు (అక్కడి మాక్రోఫేజ్‌లకు), తర్వాత ప్లీహానికి వెయ్యండి. 6 నానోమీటర్లు దాటిన కణానికి మూత్రం దారి మూసేయండి. మెదడుకు వేరే దారి ఉంది. 2004లో ఎలుకలు పీల్చిన 36 నానోమీటర్ల కార్బన్ ముక్కు నుంచి ఘ్రాణ లంబికకు (మెదడులో వాసనను అందుకునే భాగానికి) చేరింది. ఎమ్‌పీపీడీ తల భాగాన్ని ఒకే అంకెగా ఇస్తుంది, అందులో వాసన పొర మీద పడింది ఎంతో చెప్పదు. ఎలుక ముక్కు లోపల ఆ పొర సగం దాకా ఉంటుంది, మనిషికి 5 శాతం. కాబట్టి ఎలుక అంకెను యథాతథంగా దింపుకోకండి.

ఈ హద్దులను పరిశోధన పత్రాల నుంచి ఏరుకునేటప్పుడు ట్యాగ్ (కణాన్ని వెతకడానికి తగిలించిన గుర్తు) ఊడిందా లేదా చూడండి. 2002లో టెక్నీషియం అనే రేడియోధార్మిక మూలకాన్ని తగిలించిన కార్బన్ కణాలు పీల్చిన నిమిషంలోపే రక్తంలోకి వెళ్లాయన్న ఫలితం సంచలనమైంది. తర్వాతి పరిశోధనలు రక్తంలో కనిపించింది చాలావరకు కణం నుంచి విడిపోయిన టెక్నీషియమే అని తేల్చాయి. వెండి, జింక్ ఆక్సైడ్, కాపర్ ఆక్సైడ్‌లతోనూ ఇదే తలనొప్పి. మాక్రోఫేజ్ లోపలి సంచిలో పీహెచ్ 4.5 దాకా ఉంటుంది, అక్కడ ఇవి కరిగి అయాన్లుగా పోతాయి. కాలేయంలో కనిపించిన జింక్ కణమా, అయానా అన్నది మామూలు మూలక విశ్లేషణ చెప్పదు. అలాంటి పదార్థానికి ఎమ్‌పీపీడీ క్లియరెన్స్ రేట్లకు కరిగే రేటు కూడా కలపాలి, లేదంటే ఊపిరితిత్తుల్లో లేని బరువును ఏళ్ల తరబడి మోస్తూ కూర్చుంటుంది.

చివరగా ఒక చిన్న చిరాకు. రిపోర్టులో గ్రాఫ్ మాత్రమే అంటించి పంపేవాళ్లు చాలామంది. వెర్షన్ నంబరు, ఊపిరితిత్తి నమూనా, వ్యాసం ఏ రకమో, జీఎస్‌డీ, సాంద్రత, శ్వాస పరిమాణం, వేగం, ముక్కా నోరా, క్లియరెన్స్ రేట్లు రాయకపోతే ఆ గ్రాఫ్‌ను ఇంకెవరూ తిరిగి రాబట్టలేరు. ప్రతి రన్ తర్వాత ఇన్‌పుట్ వివరాలున్న టెక్స్ట్ రిపోర్టును కూడా సేవ్ చేసి దాని పక్కనే ఉంచండి.