బ్లూగిల్, క్రాపీలకు గాలం దారం: రంగులేనిదా, పసుపుదా?

అమెరికా చెరువుల్లో ఈ చిన్న చేపలు పట్టేవాళ్లకు ఈ సందేహం తప్పదు.

ధర: ఇంచుమించు ఒకటే.

చేప కంటికి: తేటనీళ్లలో రంగులేనిదే మేలు. బురదనీళ్లలో పెద్ద తేడా ఉండదు.

మన కంటికి: ఇక్కడ పసుపుదే పైచేయి. క్రాపీ చాలాసార్లు కిందినుంచి పైకొచ్చి ఎర అందుకుంటుంది. చేతికి లాగుడు తెలియదు. బిగువుగా ఉన్న దారం ఉన్నట్టుండి వదులవుతుంది, అంతే. మసక వెలుతురులో రంగులేని దారంతో అది కనిపెట్టడం చాలా కష్టం.

బెండు వేసేవాళ్లు రంగులేనిది కొనండి, చేప కొరికిన సంగతి బెండే చెబుతుంది. బెండు లేకుండా చిన్న జిగ్ (తలకు బరువు గుండు ఉన్న గాలం) వేసేవాళ్లకు పసుపుది; నీళ్లు తేటగా ఉంటే చివర రెండు మూడు అడుగులు రంగులేని ఫ్లోరోకార్బన్ (నీళ్లలో అంతగా కనబడని రకం దారం) కట్టుకోవాలి. ఏ రంగైనా, 4 పౌండ్ల (అంత బరువు వరకు తెగకుండా ఆపే) సన్న దారానికే నా ఓటు.