నిలబడే గ్రౌండా, ప్లాస్టిక్ కుర్చీలా, బ్లాకులా: మన బెజవాడ కన్సర్టులకి ఏది మేలు?

బెజవాడలో గానీ గుంటూరులో గానీ లైవ్ షో అనగానే ముందు వచ్చే గొడవ ఇదే. కుర్చీలేస్తే అది కన్సర్ట్ కాదు పెళ్ళి రిసెప్షన్ అంటారు కుర్రాళ్ళు, అందర్నీ నిలబెడితే తోసుకుని చస్తారు, కూర్చోబెట్టండి అంటారు పెద్దవాళ్ళు. కాలేజీ ఫెస్టుల్లో గేటు దగ్గరా, స్టేజీ ముందూ వాలంటీరుగా ఉన్నాను, రాక్ షోలంటే నాకు ప్రాణం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా, ఎందుకంటే ఇద్దరి మాటలోనూ సగమే నిజం ఉంది.

ముందు అల్లరి సంగతి. మోష్ పిట్ చూసి హడలిపోయేవాళ్ళు చాలామంది ఉన్నారు. డ్రమ్స్ ఊపందుకోగానే మధ్యలో గుండ్రంగా ఖాళీ చేసుకుని భుజాలతో గుద్దుకుంటూ తిరుగుతారు, దూరం నుంచి చూస్తే కొట్టుకుంటున్నట్టే ఉంటుంది, కానీ రాక్ జనంలో ఒక పద్ధతుంది, ఎవరన్నా కింద పడితే పక్కనున్న నలుగురూ ఆగి లేపాల్సిందే. దెబ్బలు తగుల్తాయి, ముక్కులు పగుల్తాయి, కాదనను. కానీ తోపులాటలో ఒకే చోట చాలా ప్రాణాలు పోయిన షోల్లో కారణం అది కాదు, జనం చిక్కబడటం. చదరపు మీటరుకి నలుగురి దాకా ఉంటే అటూ ఇటూ కదలొచ్చు, ఐదుగురు దాటితే ఇబ్బంది మొదలు, ఆరేడుగురైతే మనిషి తన కాళ్ళ మీద తాను ఉండడు, వెనకెక్కడో ఎవడో తోస్తే ఆ అల స్టేజీ దాకా వస్తుంది. ఛాతీ ఉబ్బడానికి జాగా లేక ఊపిరాడదు, చాలామంది కింద పడకుండానే, నిలబడే పోతారు. అక్కడ తాగినోడూ తాగనోడూ, మంచోడూ రౌడీ అనే తేడా ఏమీ ఉండదు.

ఇక మొదటిది, మొత్తం ఓపెన్ గ్రౌండ్, అందరూ నిలబడేది. దీని మజా దీనిదే. గిటార్ సోలోకి వేల మంది ఒక్కసారే గెంతుతుంటే వచ్చే ఊపు కుర్చీలో కూర్చున్నవాడికి రాదు. ఖర్చు తక్కువ, జనం ఎక్కువ పడతారు, ఆర్గనైజర్లకి అందుకే ఇష్టం. ప్రమాదమూ అక్కడే. 2000 జూన్ 30న డెన్మార్క్‌లో, రోస్కిల్డ ఫెస్టివల్‌లో పెర్ల్ జామ్ అనే రాక్ బ్యాండ్ వాయిస్తుంటే వానా బురదా, ముందు వరసల్లో కొందరు జారి పడ్డారు, వెనకవాళ్ళకి తెలీక తోస్తూనే ఉన్నారు, సింగర్ ఆపి వెనక్కి జరగండని బతిమాలినా 9 మంది పోయారు. 2021 నవంబర్ 5న అమెరికాలో, హ్యూస్టన్‌లో ఆస్ట్రోవరల్డ్ ఫెస్టివల్‌లో ట్రావిస్ స్కాట్ షోలో 10 మంది పోయారు, అందులో తొమ్మిదేళ్ళ పిల్లాడు కూడా. అది రాప్ షోనే, కానీ నిలబడ్డ జనానికి రాక్ అయినా రాప్ అయినా ఒకటే. ఆ రెండు చోట్లా వెనకున్నవాళ్ళు దుర్మార్గులేం కాదు, ముందు ఏం జరుగుతోందో కనపడలేదు, ఆ సౌండ్‌లో అరుపులు వినపడలేదు, అంతే.

మన దగ్గర దీనికి తోడు సర్వి బాదులొకటి. స్టేజీ ముందు సర్వి బాదులు పాతి, అడ్డంగా ఇంకో రెండు బాదులు తాళ్ళతో కట్టేసి దాన్నే బారికేడ్ అంటారు. ఒక కాలేజీ ఫెస్ట్‌లో మొదటి వరసలో ఒక అమ్మాయి కళ్ళు తిరిగి బాదు మీదికి వాలిపోయింది, వెనక నుంచి తోపుడు ఆగట్లేదు, మేం ఇవతల నుంచి చేతులు పట్టుకుని లాగుదామంటే కింద బాదుకి మోకాళ్ళు ఇరుక్కుపోయాయి, చివరికి టెంట్ హౌస్ కుర్రాడు కత్తితో తాడు కోస్తే గానీ బయటికి రాలేదు. ఆ అమ్మాయికి ఏం కాలేదు, నీళ్ళు తాగించి కూర్చోబెడితే తేరుకుంది. గేటు దగ్గర నీళ్ళ బాటిళ్ళు లాక్కుని, ఏప్రిల్ ఉక్కలో లోపల నాలుగు గంటలు నిలబెట్టి, ముందు వరసలకి చుక్క నీళ్ళు ఇవ్వకపోతే పడిపోక ఏం చేస్తారు చెప్పండి.

రెండోది ప్లాస్టిక్ కుర్చీలు. పెద్దవాళ్ళు సేఫ్ అనుకునేది ఇదే, నా లెక్కలో మాత్రం అన్నిటికంటే డేంజర్ ఇదే. హిట్ పాట మొదలవగానే ముందు వరస లేస్తుంది, వెనక వరసకి కనపడక కుర్చీ ఎక్కుతుంది, దాని వెనక వాళ్ళు కుర్చీ మీద కుర్చీ వేసుకుని ఎక్కుతారు. కాళ్ళు విరిగే కుర్చీలు విరుగుతాయి, గొడవైతే అవే గాల్లోకి లేస్తాయి. అదీ కాక ఏదన్నా అయి అందరూ ఒక్కసారి బయటికి పరిగెత్తాల్సి వస్తే, చీకట్లో అడ్డదిడ్డంగా పడి ఉన్న కుర్చీల్లో కాళ్ళు ఇరుక్కుని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడతారు. కుర్చీలు వేసి తీరాలంటే వరసగా ఒకదానికొకటి కట్టేయాలి, మధ్యలో దారులు వదలాలి, సీటు నెంబర్లు వేయాలి. ప్లాస్టిక్ ట్యాగుల కట్ట ఎంతవుతుంది?

స్టేడియం గ్యాలరీ వేరే విషయం. బందరు రోడ్డులో ఇందిరాగాంధీ స్టేడియం ఉంది కదా, 2025 ఫిబ్రవరిలో తమన్ మ్యూజికల్ నైట్ అయింది కూడా అక్కడే, అలాంటి చోట గ్యాలరీ మెట్లు సిమెంటువి, ఎవడూ ఎత్తుకెళ్ళడు, విసరడు. పిల్లలతో వచ్చినవాళ్ళకి, పెద్దవాళ్ళకి అదే మేలు, అందులో నాకు ఏ అనుమానం లేదు. అదే పున్నమి ఘాట్ లాంటి చోటైతే కృష్ణ గాలికి షో బ్రహ్మాండంగా ఉంటుంది గానీ ఒక వైపు మొత్తం నీళ్ళు, అటు వైపు దారి అనేదే లేదు, కిందికి మెట్లు, అక్కడ మనుషుల్ని సగానికి సగం తగ్గించుకోవాలి.

అయితే సీటుందా లేదా అన్నదొక్కటే చూస్తే సరిపోదండి, కొన్ని ఘోరాలు లోపల కాదు, గేటు దగ్గర జరిగాయి. 1979 డిసెంబర్ 3న అమెరికాలో, సిన్సినాటిలో ది హూ అనే రాక్ బ్యాండ్ షోకి సీటు నెంబర్లు లేని టికెట్లు ఎక్కువ, ముందొచ్చినవాడికి ముందు చోటు, తెరిచినవి కొద్ది తలుపులు, లోపల సౌండ్ వినపడి షో మొదలైందనుకుని తోసుకుంటే 11 మంది పోయారు. అది కూడా బ్యాండ్ స్టేజీ ఎక్కకముందే. 2023 నవంబర్‌లో కొచ్చిలో కుసాట్ యూనివర్సిటీ టెక్ ఫెస్ట్‌లో ఆడిటోరియం బయట వెయిట్ చేస్తున్నవాళ్ళు వానకి ఒక్కసారే గేటు వైపు వచ్చి మెట్ల మీద పడితే నలుగురు పోయారు. 2023 జనవరి 1న మన గుంటూరులోనే కానుకల పంపిణీ దగ్గర తోపులాటలో ముగ్గురు ఆడవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు, అక్కడ పాటా లేదు, డాన్సూ లేదు. కాబట్టి రాక్ మ్యూజిక్ వల్ల పిల్లలు పాడైపోయి తొక్కుకుంటున్నారు అనే మాట దయచేసి మానేయండి.

మూడోది, నేను ఓటేసేది, నిలబడటమే గానీ బ్లాకులుగా. రోస్కిల్డలో ఆ ఘోరం తర్వాత చేసింది ఇదే, స్టేజీ ముందు భాగాన్ని కంచెలతో విడదీసి లెక్కపెట్టి లోపలికి పంపడం, నిండితే ఆపేయడం. దీనివల్ల వెనకున్న పది వేల మంది బరువు ముందున్న వెయ్యి మంది మీద పడదు, అల మధ్యలోనే విరిగిపోతుంది. లెక్క కూడా కష్టమేం కాదు, బ్రిటన్‌లో ఈవెంట్ల వాళ్ళు చూసే పర్పుల్ గైడ్ లెక్క మనిషికి అర చదరపు మీటరు. 50 మీటర్లకి 40 మీటర్ల గ్రౌండ్ అంటే 2000 చదరపు మీటర్లు, 4000 మంది, స్టేజీ, సౌండ్ కన్సోల్, దారులు తీసేస్తే ఇంకా తగ్గుతుంది. ఇప్పుడు మీరు వెళ్ళిన ఫెస్ట్‌లో ఎన్ని పాసులు ఇచ్చారో గుర్తు చేసుకోండి, దానికి స్పాన్సర్ల పాసులు, లీడర్ల మనుషులు, గోడ దూకినవాళ్ళు కలపండి.

ముందు వరస బారికేడ్ అల్యూమినియంది తెప్పించాలి, దాని అడుగు పలక జనం వైపు ఉంటుంది, ముందున్నవాళ్ళు ఆ పలక మీదే నిలబడతారు కాబట్టి వాళ్ళ బరువే దాన్ని పడిపోకుండా పట్టుకుంటుంది, ఇవతల సెక్యూరిటీ వాళ్ళు ఎక్కి నిలబడటానికి మెట్టుంటుంది, పడిపోతున్నవాళ్ళని చంకల కింద చేతులేసి పైకి లాగేస్తారు. ఆ ఒక్క మెట్టు ఎంత పని చేస్తుందో దగ్గరుండి చూస్తే గానీ తెలీదు.

బౌన్సర్లా, ట్రైనింగ్ ఇచ్చిన వాలంటీర్లా అంటే నేను వాలంటీర్లే అంటాను. బౌన్సర్ చూపు స్టేజీ మీద స్టార్ వైపు ఉంటుంది, వాడి పని జనాన్ని వెనక్కి నెట్టడం, నెట్టినకొద్దీ మధ్యలో వాళ్ళు నలుగుతారు. 1969లో అమెరికాలో, ఆల్టమాంట్‌లో రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బ్యాండ్ షోకి హెల్స్ ఏంజెల్స్ అనే బైక్ గ్యాంగ్‌ని స్టేజీ దగ్గర కాపలా పెడితే వాళ్ళలో ఒకడి కత్తిపోట్లకి ఒక కుర్రాడు అక్కడే చనిపోయాడు. స్టేజీకి వీపు పెట్టి జనం ముఖాల్లోకి చూసేవాళ్ళు కావాలి. షో ఆపించే అధికారం కూడా వాళ్ళలో ఒకడికి ఉండాలి, ఎవరి పర్మిషన్ అడక్కుండా.

ఆడపిల్లల సంగతి చెప్పకుండా ఇది పూర్తవదు. కిక్కిరిసిన ఓపెన్ గ్రౌండ్‌లో చేతులు వేసే వెధవలకి అదే పండగ, ఎవడు వేశాడో తెలీదు, తిరిగి చూసే జాగా కూడా ఉండదు. విడిగా లేడీస్ బ్లాక్ కట్టడం మేలా, కలిపి ఉంచి లేడీ వాలంటీర్లని పెట్టడం మేలా అంటే, ఫ్రెండ్స్‌తో వచ్చిన అమ్మాయిని విడదీసి ఓ మూల నిలబెట్టడం నాకు నచ్చదు, కానీ కావాలనుకున్నవాళ్ళకి ఒక బ్లాక్ ఉండాలి, అది కూడా స్టేజీకి దగ్గరగా, పక్క నుంచి బయటికి దారి ఉండేలా. పల్చగా ఉన్న బ్లాకులో అయితే చెయ్యి వేసినవాడు దొరికిపోతాడు, బయటికి ఈడ్చేయొచ్చు.

మీరు వెళ్ళిన చోట ఇవేమీ లేవు, ఇరుక్కుపోయారు అనుకోండి. చేతులు మడిచి ఛాతీ ముందు పెట్టుకోండి, ఊపిరికి కాస్త జాగా ఉంటుంది. ఫోన్ పడినా చెప్పు ఊడినా వంగొద్దు. అలకి ఎదురు తోయకండి, అది తగ్గినప్పుడల్లా ఏటవాలుగా పక్కకి జరగండి. మీ వెనకున్నవాళ్ళకి ముందు సంగతి తెలీదు కాబట్టి మీరు చూసింది వెనక్కి చెప్పండి.

ఫెస్ట్ కమిటీల్లో ఉన్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఒక మాట. బడ్జెట్ టైట్ అయితే లైట్లు తగ్గించండి, ఓపెనింగ్ యాక్ట్ తీసేయండి, ఎల్ఈడీ స్క్రీన్ ఒకటి మాత్రం వెనక పెట్టండి, వెనకవాళ్ళకి బాగా కనపడితే ముందుకి తోసుకు రారు. సర్వి బాదులు మాత్రం వద్దు, అల్యూమినియం బారికేడ్ అద్దెకి దొరక్కపోతే ఆ సంవత్సరం గ్యాలరీ ఉన్న స్టేడియంలో పెట్టుకోండి.