హిప్నోథెరపీ రెండేళ్ళు పైగా వాడాక నా రివ్యూ: దడ తగ్గింది, పని ఒత్తిడి ఎక్కడికీ పోలేదు

హిప్నోథెరపీ అంటే హిప్నాసిస్‌తో, మనం హిప్నాటిజం అంటామే దానితో, చేసే వైద్యం. ముందే దానికి నా రేటింగ్ చెప్పేస్తా, అయిదుకి మూడున్నర. ఒకటిన్నర ఎందుకు కోశానో కింద రాశా, కానీ ఇచ్చిన మూడున్నర మాత్రం మొహమాటానికి ఇచ్చింది కాదు.

నేను విజయవాడలో ఒక బ్యాంకు బ్రాంచిలో పనిచేస్తా. బ్యాంకు ఉద్యోగమంటే పొద్దున పదికి వెళ్ళి సాయంత్రం అయిదుకి ఇంట్లో ఉండొచ్చనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు, మా అత్తగారితో సహా. లోన్ రికవరీలు, ఆడిట్, మార్చి క్లోజింగ్, ఇవి చాలవన్నట్టు ఇన్సూరెన్స్ పాలసీలు ఎన్ని చేయించావని పై ఆఫీసు వాళ్ళ వీసీ (వీడియో కాన్ఫరెన్స్), అందులో అందరి ముందూ పేరు పిలిచి మరీ కడిగేస్తారు. నాకు ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక మొదలయ్యేది, గుండె దడ, అరచేతుల్లో చెమట, కడుపులో తిప్పడం. రాత్రి రెండింటికి మెలకువొచ్చి ఫలానా ఫైల్లో సంతకం పెట్టానా లేదా అని ఆలోచిస్తూ తెల్లారిపోయేది. గుండె జబ్బేమో అని ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ చేయించారు, అన్నీ నార్మల్. ఇది చదివి ఎవరైనా హిప్నాసిస్‌కి పరిగెత్తేముందు ఆ టెస్టులు చేయించుకోండి, ఎందుకంటే థైరాయిడ్ ఎక్కువైనా రక్తం తక్కువైనా అచ్చం ఇలాగే దడొస్తుంది, దానికి కళ్ళు మూసుకుని కూర్చుంటే ఏం లాభం.

మా జనరేషన్‌కి హిప్నాటిజం అంటే పట్టాభిరామ్ గారే, స్టేజి మీద మనుషుల్ని నిద్రపుచ్చి మాట్లాడించడం, మనం నోరెళ్ళబెట్టి చూడటం. కాబట్టి నేను వెళ్తానంటే అమ్మ "వాళ్ళు కళ్ళలోకి చూసి బ్యాంకు పాస్‌వర్డు అడిగితే చెప్పేస్తావేమోనే" అంది. నవ్వొచ్చింది గానీ నాకూ లోపల కొంచెం అదే భయం, అందుకే మా ఆయన్ని వెంటబెట్టుకెళ్ళా. స్టేజి షోకీ ట్రీట్‌మెంటుకీ తేడా తర్వాత తెలిసింది. షోలో ముందు హాల్లో అందర్నీ చేతివేళ్ళు బిగించి పట్టుకోమంటారు, ఇక విడదియ్యలేరు అంటారు, ఎవరి వేళ్ళు నిజంగా విడిపోవో వాళ్ళనే పైకి పిలుస్తారు. అంటే బాగా తొందరగా వశమయ్యేవాళ్ళని ఏరుకున్నాకే షో మొదలవుతుందన్నమాట. క్లినిక్‌లో ఆ ఏరుకోవడం కుదరదు, వచ్చిన మనిషితోనే పని.

మొదట కొలీగ్ చెప్పిన ఒకాయన దగ్గరికి వెళ్ళాం. పెద్ద బోర్డు, గోడ నిండా సర్టిఫికెట్లు. పది నిమిషాలు కూడా నా మాట వినలేదు, ఇది గత జన్మలో తేలని బాకీ అమ్మా, రిగ్రెషన్ చేసి, అంటే హిప్నాసిస్‌లో గత జన్మకి తీసుకెళ్ళి, బయటికి తీయాలి అన్నాడు, వెంటనే ప్యాకేజీ రేటు చెప్పాడు. ఈ జన్మలో బాకీలు వసూలు చేసే ఉద్యోగం నాది, గత జన్మవి కూడా నా నెత్తినేనా అని బయటికొచ్చాక నేనంటే మా ఆయన ఒకటే నవ్వు. హిప్నాసిస్‌లో పైకొచ్చిన జ్ఞాపకం నిజమని గ్యారంటీ లేదు, అడిగేవాళ్ళు ఎలా అడిగితే మనసు అలా కథ అల్లేస్తుంది, పైగా అది నిజంగా జరిగిందనే గట్టి నమ్మకం కూడా వచ్చేస్తుంది, అది డేంజర్. మన దగ్గర హిప్నాసిస్‌కని వేరే లైసెన్సు లేదు కాబట్టి వీకెండ్ కోర్సు చేసినవాళ్ళూ బోర్డు పెట్టేస్తారు. క్లినికల్ సైకాలజిస్టు అయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అది అడగండి, అడిగితే చిరాకు పడేవాళ్ళ దగ్గర్నుంచి వచ్చెయ్యండి.

తర్వాత ఫిజీషియన్ పంపిస్తే సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళా, ఆయన ఎస్సిటలోప్రామ్ అనే ఆందోళన తగ్గించే మందు తక్కువ డోసులో మొదలుపెట్టి, అక్కడే ఉన్న క్లినికల్ సైకాలజిస్ట్ మేడమ్ దగ్గరికి పంపారు. మేడమ్ మామూలు కౌన్సెలింగ్‌తో పాటు హిప్నాసిస్ కూడా చేస్తారు. నేను రెండేళ్ళు పైనుంచి వాడుతోంది ఇదే.

గది చిన్నది. వెనక్కి వాలే కుర్చీ, కాళ్ళ కింద స్టూలు, బయట రోడ్డు మీద ఆటోల హారన్లు. గొలుసుకి వాచీ కట్టి ఊపడాలు ఏం లేవు. ఎదురు గోడ మీద కంటికి కొంచెం పైన ఒక ఎర్ర స్టిక్కర్ బొట్టు అతికించి ఉంటుంది, తల ఎత్తకుండా కళ్ళు మాత్రం ఎత్తి దాన్నే చూడాలి. కళ్ళు అలా పైకి పెట్టి ఉంచితే రెప్పలు తొందరగా అలసిపోతాయి, బరువెక్కుతాయి, అప్పుడే మేడమ్ "బరువెక్కుతున్నాయి కదా, మూసేసుకో" అంటారు. శరీరంలో ఎలాగూ జరుగుతున్నదాన్నే ఆవిడ పైకి చెప్తారు, మనకేమో ఆవిడ చెప్పారు కాబట్టి జరిగినట్టు ఉంటుంది, అక్కణ్నుంచి తర్వాతి మాట నమ్మడం తేలిక. తర్వాత పదినుంచి ఒకటి దాకా లెక్క, ఒక్కో ఊపిరి వదులుతూ ఒక్కో మెట్టు దిగాలి. నాకు మొదట్లో మా అపార్ట్‌మెంటు మెట్లే కనిపించేవి, రెండో ఫ్లోర్ వాళ్ళ చెప్పుల స్టాండుతో సహా, అది చూడగానే వాళ్ళు కట్టని మెయింటెనెన్స్ గుర్తొచ్చేది. మేడమ్‌కి చెప్తే నవ్వి మెట్లు మార్చుకోమన్నారు. అప్పట్నుంచి కృష్ణ ఒడ్డున పున్నమి ఘాట్ మెట్లు పెట్టుకున్నా, ఆఖరి మెట్టు దగ్గర పాదాలకి నీళ్ళు తగిలేసరికి భుజాలు దిగిపోతాయి.

అందరూ అడిగేది ఒకటే, స్పృహ ఉంటుందా అని. ఉంటుంది. మధ్యాహ్నం గుంటూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కళ్ళు మూతలు పడుతున్నా, కండక్టర్ ఏం అరుస్తున్నాడో, మన స్టాప్ ఎంత దూరంలో ఉందో తెలుస్తూనే ఉంటుంది చూడండి, అచ్చం అలా. కావాలంటే లేచి వెళ్ళిపోవచ్చు. పాస్‌వర్డు ఎవ్వరికీ చెప్పలేదు అమ్మా.

నాకు బాగా నచ్చింది ఏంటంటే, ఆ స్థితిలో ఆవిడ "నీకు దడ రాదు, నువ్వు ధైర్యవంతురాలివి" లాంటివి ఒక్కసారి కూడా అనలేదు. వీసీ నడుస్తోంది, నీ పేరు పిలిచారు, గుండె కొట్టుకుంటోంది, కొట్టుకోనీ, ఊపిరి పూర్తిగా వదులు, బొటనవేలు చూపుడువేలు కలిపి నొక్కు, ఇప్పుడు జవాబు చెప్పు, ఇలా ఆ సీన్ మొత్తం మళ్ళీ మళ్ళీ నడిపించారు. దడ వస్తుంది, దానంతటది దిగుతుంది, అది దిగేది నేను చూస్తా, అంతే సజెషన్. కొన్ని వారాలకి నిజం వీసీలో టేబుల్ కింద వేళ్ళు నొక్కుకున్నా, దడ వచ్చింది కానీ గొంతు వణకలేదు, ఫిగర్లు చెప్పేసి మైక్ మ్యూట్ చేశా. పక్కన కూర్చున్న మేనేజర్ గారు "ఏంటమ్మా ఇవాళ తడబడలేదు" అన్నారు, పొగడ్తో ఎత్తిపొడుపో ఇప్పటికీ తెలీదు.

ఇది అందరికీ ఒకేలా పనిచెయ్యదు, ఇది మాత్రం ముందే తెలుసుకుని వెళ్ళాలి. దాదాపు 10 నుంచి 15 శాతం మంది చాలా లోతుగా వెళ్తారు, ఇంచుమించు అంతమందికి అసలు ఎక్కదు, మిగతా జనమంతా మధ్యలో. దీన్ని కొలవడానికి స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 1959లోనే ఒక స్కేలు తయారుచేశారు. మేడమ్ నాకు చేసింది చిన్న పరీక్ష, ఒక చేతిలో బరువైన పుస్తకం ఉందనుకో, ఇంకో చేతికి గాలిబుడగ కట్టాననుకో అన్నారు, పుస్తకం చెయ్యి కిందికి దిగింది, బుడగ చెయ్యి కదిలితే ఒట్టు. నిమ్మకాయ కోస్తున్నట్టు అనుకోమంటే మాత్రం నోట్లో నీళ్ళూరాయి. అంటే నేను మధ్యరకం. మా ఆయన కూడా సరదాకి కూర్చున్నారు, కాసేపటికి ఒక కన్ను తెరిచి "అయిపోయిందా మేడమ్" అన్నారు, ఆయన ఏ రకమో చెప్పక్కర్లేదు. ఎక్కకపోతే మన తప్పూ కాదు, మనసు బలహీనం కాదు, బలం కాదు, అది కొంతవరకు పుట్టుకతో వచ్చేదే.

పని చేస్తుందని రుజువుందా అని అడిగేవాళ్ళకి, 2019లో 17 ట్రయల్స్ కలిపి చూసిన ఒక మెటా అనాలిసిస్ ఉంది, అందులో ట్రీట్‌మెంట్ అయ్యేసరికి హిప్నాసిస్ తీసుకున్న సగటు మనిషికి, తీసుకోని గ్రూపులో 79 శాతం మంది కంటే ఎక్కువగా ఆందోళన తగ్గింది. హిప్నాసిస్ ఒక్కటే ఇచ్చినదానికంటే వేరే సైకలాజికల్ ట్రీట్‌మెంటుతో కలిపినప్పుడు ఇంకా బాగా పనిచేసిందని కూడా ఉంది. నా కేసు కూడా అదే. మందు, కౌన్సెలింగ్, హిప్నాసిస్ మూడూ ఒకేసారి వాడాను కాబట్టి ఏది ఎంత తగ్గించిందో విడదీసి చెప్పలేను, చెప్తే అబద్ధం. మందు ఏడాది తర్వాత డాక్టరే మెల్లగా తగ్గించి ఆపారు, ఆ తర్వాత కూడా దడ పాత స్థాయికి వెళ్ళలేదు, హిప్నాసిస్‌కి నేను మార్కులు వేసేది అక్కడ. ఎవరూ సొంతంగా మందు ఆపి దీనిమీద పడొద్దు, ఎస్సిటలోప్రామ్ ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర పాడవడం వస్తాయి.

మా బ్రాంచిలో ఒకాయన ఇదంతా చేతబడి బాపతు, ఫారిన్ పిచ్చి అన్నాడు. చేతబడి సంగతేమో గానీ మన దేశానికి ఇది కొత్త కాదు. 1845లో బెంగాల్లో హుగ్లీలో జేమ్స్ ఎస్‌డేల్ అనే ఈస్టిండియా కంపెనీ డాక్టరు, ఇంకా మత్తుమందు రాని రోజుల్లో, ఇలాంటి పద్ధతితోనే జనానికి పెద్ద పెద్ద ఆపరేషన్లు చేశాడు, మరుసటేడు కలకత్తాలో దీనికోసం ఒక ఆసుపత్రే ఇచ్చారు. ఈథర్, క్లోరోఫాం వచ్చాక వెనకబడింది. నాకైతే పన్ను పీకించుకోవడానికి కూడా ఇంజెక్షనే కావాలి, ఆ విషయంలో నా భక్తికి హద్దుంది.

ఇంట్లో చేసుకోవడం గురించి. అసలు పని అక్కడే జరుగుతుంది, క్లినిక్‌లో జరిగేది పావలా వంతు. మేడమ్ పావుగంట సెషన్ నా ఫోన్లోనే రికార్డ్ చేసిచ్చారు. రాత్రి పడుకుని వింటే మూడో మెట్టుకే గుర్రు, నిద్రకి మంచిదే గానీ వీసీ దడకి అక్కరకు రాదు, అందుకని లంచ్ టైములో రికార్డు రూములో కుర్చీ వేసుకుని వినడం మొదలుపెట్టా. పాత లెడ్జర్ల మధ్య తల వాల్చి కూర్చున్న నన్ను చూసి మా గార్డు బాబాయ్ "మేడమ్ గారు పడిపోయారండోయ్" అని స్టాఫ్ మొత్తాన్ని పోగేశాడు. ఇప్పుడు తలుపుకి కాగితం అంటిస్తా. ఆన్‌లైన్లో దొరికే ఫ్రీ ఆడియోలు కూడా చాలా విన్నా, చాలావాటిలో పిల్లనగ్రోవి మ్యూజిక్, దడ తగ్గాలనుకుని వింటే మధ్యలో మీరు కోటీశ్వరులవుతున్నారు అంటాడు, ఇంకోదాంట్లో లోతుగా వెళ్తున్నారు, ఇంకా లోతుగా అనగానే గోల్డ్ లోన్ యాడ్. నా బతుకు. ఖర్చు పెట్టలేనివాళ్ళు వాటికంటే యోగనిద్రతో మొదలుపెట్టడం నయం, బీహార్ స్కూల్ ఆఫ్ యోగా స్వామి సత్యానంద సరస్వతి గారు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి, శరీరం ఒక్కో భాగం మీద ధ్యాస పెట్టడం, మధ్యలో సంకల్పం, చాలావరకు దీనికి దగ్గరగానే ఉంటుంది. తేడా ఏంటంటే యోగనిద్ర అందరికీ ఒకటే, ఇక్కడ స్క్రిప్టు నా వీసీకి, నా దడకి కుట్టింది.

ఇక కోసిన మార్కులు. రెండింటి మెలకువ తగ్గింది కానీ మార్చిలో మళ్ళీ వస్తుంది, ప్రతి మార్చీ. అమ్మకి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు నెలన్నర వినడం మానేస్తే ఆదివారం దడ మళ్ళీ తయారు, అంటే చేసినన్నాళ్ళే. గోళ్ళు కొరకడం అలాగే ఉంది, దానిమీద కూడా సెషన్ చేశారు, సున్నా. టార్గెట్లు తగ్గలేదు, స్టాఫ్ పెరగలేదు, ఒక్కోసారి అనిపిస్తుంది, జీతం ఇచ్చేవాళ్ళు పెట్టే ఒత్తిడికి జీతంలోంచి తీసి నేను వైద్యం చేయించుకోవడం ఏంటని, ఆ కోపానికి హిప్నాసిస్ లేదు, ఉండక్కర్లేదు కూడా. ఒక సెషన్లో చిన్నప్పటి విషయం ఏదో కదిలి బాగా ఏడ్చా, మేడమ్ వెంటనే ఆపి కళ్ళు తెరిపించి కూర్చోబెట్టి మాట్లాడారు, అదే ఇంట్లో ఒంటరిగా ఆడియో పెట్టుకున్నప్పుడు అయితే? కాబట్టి పాత గాయాలు గట్టిగా ఉన్నవాళ్ళు సొంతంగా మొదలుపెట్టొద్దు. సైకోసిస్, బైపోలార్ లాంటి మానసిక జబ్బులు ఉన్నవాళ్ళు, ఫిట్స్ వచ్చేవాళ్ళు సైకియాట్రిస్ట్‌ని అడక్కుండా దీని జోలికి వెళ్ళొద్దు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వం వాళ్ళ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

డబ్బు విషయం, నాకు సెషన్‌కి 1500 అయ్యేది, మా మెడికల్ స్కీములో రాదు. మొదట్లో వారానికోసారి, తర్వాత నెలకోసారి, ఇప్పుడు ఫిబ్రవరిలో ఒకసారి వెళ్ళి స్క్రిప్టు మార్పించుకుని కొత్త రికార్డింగ్ తెచ్చుకుంటా. ఎప్పటికీ రమ్మనేవాళ్ళకంటే నేర్పి పంపేసేవాళ్ళని చూసుకోండి. నా రికార్డింగ్ పంపమని చాలామంది అడుగుతున్నారు, పంపను, అది నా ఘాట్, నా వీసీ, మీకు పనికిరాదు. ఆడియో ఏదైనా సరే బండి నడుపుతూ మాత్రం పెట్టుకోవద్దు, మా ఆయన మొన్న ఏలూరు వెళ్తూ కార్లో పెట్టబోతే ఫోన్ లాక్కున్నా, "నాకెలాగూ ఎక్కదుగా" అంటారు, నాకెక్కుతుంది కదా, పక్క సీట్లో ఉన్నది నేను, దారి చెప్పేదీ నేనే.