మా నవారు మంచం చూసిన ఫిజియో మేడం: మూడేళ్ళ వీడియో థెరపీ తర్వాత

మా బాబు పుట్టగానే ఏడవలేదు. ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిందని, కండరాలు, కదలికలు అదుపులో ఉండని సెరిబ్రల్ పాల్సీ అని ఏడాది నిండాక చెప్పారు. ఇప్పుడు వాడికి ఐదేళ్ళు. మాది మధిర దగ్గర పల్లె. మొదట్లో నెలకు రెండుసార్లు రైల్లో హైదరాబాద్ తీసుకెళ్ళేవాళ్ళం. మా ఆయన కూలి పోయేది, తిరిగొచ్చేసరికి వాడికి జ్వరం. ఇంతా చేస్తే అక్కడ చూసేది నలభై నిమిషాలు. అందుకే ఒక థెరపీ సెంటర్ వాళ్ళు వీడియో కాల్‌లో నేర్పిస్తామంటే ఒప్పుకున్నాం. వారానికొక కాల్, నెలకు 1,600 రూపాయలు. చేరాలా వద్దా అని ఆలోచిస్తున్న అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను.

ఫోన్‌లో ఫిజియోథెరపీ ఏంటని అత్తమ్మా నమ్మలేదు, నేనూ నమ్మలేదు. రెండో కాల్‌లో మేడం "బాబుకు ఎలా తినిపిస్తారో చూపించండమ్మా" అన్నారు. అత్తమ్మ కాళ్ళు చాపుకుని, వాణ్ణి వాటి మీద పడుకోబెట్టి రాగి జావ పోసింది. వాడు ఎప్పటిలాగే పొలమారాడు. నెలనెలా దగ్గు, ఆయాసం ఎందుకొస్తున్నాయో ఆ రోజు తెలిసింది. జావ ఊపిరితిత్తుల్లోకి పోతోంది. మేడం అత్తమ్మను ఒక్క మాట కూడా అనలేదు. "నానమ్మగారూ, మీ చేత్తోనే పెట్టండి, కాకపోతే కూర్చోబెట్టి పెడదాం" అన్నారు. గోడ మూలన కూర్చోబెట్టి, రెండు పక్కలా దిండ్లు పెట్టి, గడ్డం కొంచెం కిందికి దించి, చిక్కటి జావ చిన్న చెంచాతో పెట్టడం నేర్పారు. ఒకటి మింగాకే ఇంకొకటి. ఆ చలికాలం వాణ్ణి ఆసుపత్రిలో చేర్చే పని పడలేదు.

సెంటర్‌లో పెద్ద బంతులు, మెత్తటి పరుపులు ఉంటాయి. మా ఇంట్లో ఉన్నవి నవారు మంచం, అరుగు. మేడం వాటినే చూసి చెప్పేవారు. వాడి కాళ్ళు కత్తెరలా బిగుసుకుంటాయి. చంకనెత్తుకునేటప్పుడు కాళ్ళు చెరోపక్క ఉండేలా ఎత్తుకుంటే అదే మంచి ఎక్సర్‌సైజ్ అన్నారు. నిలబెట్టడానికి అరుగు అంచు సరిపోయింది.

ఫిట్స్ వస్తే అత్తమ్మ తాళాల గుత్తి చేతిలో పెట్టేది. అది వద్దని, పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని, టైం చూసుకుని ఐదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలని ఈ కాల్స్‌లోనే నేర్చుకున్నాం.

ఇక బాధపెట్టిన సంగతి. ఎనిమిది నెలల పాటు వాణ్ణి ఎవరూ చేత్తో పట్టుకుని చూడలేదు. బట్టలు మార్చేటప్పుడు ఏడుస్తున్నాడని మూడుసార్లు చెప్పాను. స్ట్రెచింగ్ తగ్గించమన్నారు, అంతే. చివరికి నేనే పట్టుబట్టి ఎక్స్‌రే తీయిస్తే ఎడమ తుంటి కీలు సగం పక్కకు జరిగిపోయి ఉంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో దాదాపు మూడో వంతు మందికి ఇలా జరుగుతుందని, నడవలేని పిల్లలకు ఇంకా ఎక్కువని, నొప్పి రాకముందే ఎక్స్‌రేలతో కనిపెట్టుకుని ఉండాలని ఎముకల డాక్టర్ చెప్పారు. ఆ మాట సెంటర్ వాళ్ళు మొదటి నెలలోనే చెప్పాల్సింది. వాడికి ఆపరేషన్ అయింది. నా కోపం ఇంకా పోలేదు. కండ ఎంత బిగుసుకుందో ఫోన్‌కు తెలియదు, చేతికే తెలుస్తుంది. మీరు చేరితే ఆరు నెలలకోసారి నేరుగా చూడాలని ముందే మాట తీసుకోండి.

అయినా మానలేదు. కారణం ఆదివారం సాయంత్రం తల్లులందరం కలిసి మాట్లాడుకునే గ్రూప్ కాల్. వైకల్య సర్టిఫికెట్ కోసం అప్పట్లో సదరం స్లాట్ మీసేవలో ఎలా బుక్ చేసుకోవాలో, కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులు వస్తాయని అక్కడే తెలిసింది. ఆపరేషన్ తర్వాత నాకు నిద్ర పట్టేది కాదు, ఊరికే ఏడుపొచ్చేది. ఆ గ్రూపులో ఒక అక్క మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ నంబర్ 14416 ఇచ్చింది. అర్ధరాత్రి చేసినా తెలుగులో మాట్లాడారు, డబ్బులేమీ అడగలేదు. ముందు నేను తిన్నానా అని అడిగారు. పెరట్లో కూర్చుని చాలాసేపు మాట్లాడాను.

వచ్చే నెల నుంచి ఫీజు 2,000 అంటున్నారు. కడతాం. ఎక్స్‌రే తేదీలు మాత్రం వాళ్ళకు వదిలేయకుండా నేనే క్యాలెండర్‌లో రాసి పెట్టుకున్నాను.