అట్లపెనం ముందు కుర్చీకి నాలుగు వేలు

పెళ్లయి నలభై ఏళ్లయిన సందర్భంగా అమ్మానాన్నల్ని మద్రాసులో జపాన్ స్టేక్ (మందపాటి మాంసం ముక్కని కాల్చిపెట్టే వంటకం) హోటల్‌కి తీసుకెళ్తానని మా తమ్ముడు ఫోన్ చేసి చెప్పగానే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఏ వారం రా?" అని. శనివారం. వాడికి సెలవు దొరికేది ఆ రోజే. అమ్మ శనివారం నీసు ముట్టదు. "పర్లేదులే అబ్బయా, నేను పెరుగన్నం తింటా" అంది. తలకి నాలుగు వేలు పెట్టి పెరుగన్నం తినడానికి నెల్లూరు నుంచి రైలెక్కిన మనిషి మా అమ్మ ఒక్కతే అయ్యుంటుంది.

తమ్ముడు తడ దగ్గర శ్రీసిటీలో ఒక జపాన్ కంపెనీలో పని చేస్తాడు. అక్కడి జపాన్ మేనేజర్లు కొందరు మద్రాసులో కాపురముండి రోజూ తడ దాకా కారులో వచ్చిపోతుంటారు. వాళ్లలో ఒకాయన ఇచ్చిన విందుకి వెళ్లొచ్చిన దగ్గర్నుంచి మావాడికి ఈ పిచ్చి పట్టుకుంది. చెన్నై అనకుండా మద్రాసు అంటున్నానేమిటని అనుకోకండి, మా వైపు చెన్నై అనేది టికెట్ మీద మాత్రమే ఉంటుంది.

మొత్తం ఏడుగురం. అమ్మ, నాన్న, తమ్ముడు, మరదలు, నేను, మా ఆయన, ఎనిమిదేళ్ల మావాడు. పినాకినిలో నెల్లూరులో ఎక్కి మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగాం. బస గురించి రెండు ముక్కలు చెప్పాలి. చీరలు కొనాలని మేం ఎప్పుడూ టీ నగర్‌లోనే దిగుతాం. ఈసారి మాత్రం నందనం మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఒక మామూలు హోటల్ తీసుకున్నాం. సెంట్రల్ నుంచి అక్కడికి ఒకే మెట్రో, మారే పని లేదు. గదులు చిన్నవే, కానీ దుప్పట్లు తెల్లగా ఉన్నాయి, వేడినీళ్లు అడగకుండానే వచ్చాయి. భోజనం చేసే స్టార్ హోటల్లోనే గదులు తీసుకుందామని తమ్ముడు అన్నాడు గానీ, రాత్రి పడుకోవడానికే కదా, ఆ డబ్బుతో రెండు పట్టుచీరలు వస్తాయని మరదలు లెక్క చెప్పింది. ఆ లెక్క సరైనదే.

భోజనం చేసే హోటల్ అన్నాసాలైకి దగ్గర్లో ఉంది. పేరు ఎందుకు చెప్పడం లేదో ఇప్పుడు తెలుస్తుంది. ఇలాంటి చోట్ల రెండు రకాల సీట్లుంటాయి. ఒకటి మామూలు టేబుల్. రెండోది వంటవాడి పెనం చుట్టూ వేసిన కుర్చీలు. ఆ పెనాన్నే వాళ్లు తెప్పన్ అంటారు, తెప్పన్‌యాకి అంటే ఇనపరేకు మీద కాల్చిన వంట. ఆ కుర్చీలు ఎనిమిదే. తమ్ముడు వారం ముందే ఫోన్ చేసి ఏడు గంటలకి ఏడు కుర్చీలు చెప్పాడు. తీరా వెళితే అక్కడ ఏదో కంపెనీ వాళ్లు కోట్లేసుకుని కూర్చుని ఉన్నారు. "మీకు టేబుల్ ఇస్తాం సార్, వంట అదే" అన్నాడు కౌంటర్‌లో ఉన్న అబ్బాయి. వంట అదే ఎలా అవుతుంది? లోపల వండి పళ్లెంలో తెచ్చిపెడితే అది మా ఊళ్లో చైనీస్ బండికంటే ఏం గొప్ప?

తమ్ముడు గొంతు పెంచాడు. నాన్నకి షుగర్, ఏడున్నరకి మాత్ర వేసుకుని వెంటనే తినాలి. నలభై నిమిషాలు లాబీలో కూర్చోబెట్టారు. ఆ తర్వాత మేనేజర్ వచ్చి తప్పు తమదేనని ఒప్పుకుని, ఉడికించిన పచ్చి సోయా కాయలు రెండు గిన్నెలు పంపాడు. ఉప్పు చల్లినవి, పచ్చి కందికాయల్లాగే వొలుచుకుని తినాలి. నాన్న వాటితోనే మాత్ర వేసుకున్నారు. మీరు వెళ్తే తెప్పన్ కౌంటర్ అని రెండుసార్లు చెప్పించుకుని, వాట్సాప్‌లో రాయించుకోండి. ఉత్త "టేబుల్ ఫర్ సెవెన్" అంటే చిక్కుల్లో పడతారు.

ఆ నలభై నిమిషాలూ నాన్న టెన్షన్ మాత్రం వేరే. ఆయన పంచెలో వచ్చారు. లోపలికి రానివ్వరేమోనని పదిసార్లు అడిగారు. పంచెకట్టులో వచ్చారని 2014లో హైకోర్టు జడ్జినే మద్రాసులో ఒక క్లబ్బులోకి పోనివ్వలేదు. ఆ ఏడాదే తమిళనాడు ప్రభుత్వం అలా అడ్డుకోవడం కుదరదని చట్టం చేసింది. ఆ కథ మా ఆయన చెప్పాక నాన్న కాస్త నిమ్మళించి, పంచె కుచ్చిళ్లు సర్దుకున్నారు.

చివరికి పెనం ముందు కుర్చీలు దొరికాయి. ఆ పెనం గురించి చెప్పాలి. మనిషి పడుకునేంత పొడవు, బొటనవేలంత మందం ఇనపరేకు. నడుమ భగ్గున వేడి, అంచుల్లో గోరువెచ్చన. వంటవాడు మణిపూర్ కుర్రాడు, పాతికేళ్లుంటాయేమో. రెండు అట్లకాడలు పట్టుకుని వచ్చి నిలబడి, ముందుగా పెనం మీద నీళ్లు చిలకరించాడు. చుక్కలు గోళీల్లా పరిగెత్తాయి. "మనం అట్టు పొయ్యబోయే ముందు చేసేదే కదే ఇది" అంది అమ్మ నా చెవిలో. తర్వాత నూనె రాసి గుడ్డతో తుడిచాడు. ఉల్లిపాయ ముక్క ఒక్కటే తక్కువ.

అమ్మ విషయంలో పెద్ద చిక్కు ఇక్కడే ఉంది. అందరి మాంసం కాలేది ఆ ఒక్క పెనం మీదే. తమ్ముడు అతనితో ఇంగ్లీషులో ఏదో మాట్లాడాడు. అతను తలూపి, పెనం మొత్తం గీకి, వేడినీళ్లు పోసి, మళ్లీ గీకి, అమ్మకి కావలసినవన్నీ అందరికంటే ముందు వండేశాడు. పుట్టగొడుగులు, వంకాయ చక్రాలు, టోఫు, తీపి చిలగడదుంప. గుడ్డు లేకుండా అన్నం కూడా అప్పుడే కలిపి ఒక గిన్నెలో మూత పెట్టి పక్కనుంచాడు. ఆ తర్వాతే రొయ్యలు బయటికి తీశాడు. ఇంత చేసినా సూప్ దగ్గర దెబ్బ తినబోయాం. మీసో సూప్ చూడ్డానికి పప్పుకట్టులా ఉంటుంది, శాకాహారమే అనుకుంటాం. దాని అడుగున ఉండే దాషి అనే రసాన్ని మామూలుగా సముద్రపు నాచుతో పాటు ఎండు చేప తరుగుతో కాస్తారు. గిన్నె అమ్మ ముందు పెట్టాక మరదలికి అనుమానమొచ్చి అడిగితే, వడ్డించే అమ్మాయి నాలుక కరుచుకుని తీసుకెళ్లి, ఉత్త నాచుతో కాచింది తెచ్చింది. శాకాహారులతో వెళ్లేవాళ్లు బుకింగ్ అప్పుడే ఈ సంగతి అడగండి. మెనూలో ఆకు బొమ్మ ఉంటే చాలదు.

ఇక రొయ్యలు. మా నాన్న ముప్పై ఏళ్లు ముత్తుకూరు వైపు రొయ్యల గుంటలు చేసిన మనిషి. టైగర్ రొయ్యల రోజులూ చూశారు, వాటికి మచ్చల రోగమొచ్చి మునిగిన రోజులూ చూశారు, తర్వాత వెనామీ రకం రొయ్యల్లో కాస్త తేలారు. పళ్లెంలో పచ్చి రొయ్యలు పెట్టగానే కళ్లజోడు పైకి నెట్టి ముందుకి వంగారు. "ఇరవై కౌంట్ ఉంటాయి" అన్నారు. కిలోకి ఇరవై అని. తల విడిపోకుండా ఉందా లేదా చూసి, "ఐసులో పెట్టి రెండు రోజులైనా కాలేదు, మంచి సరుకే" అని సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ కుర్రాడికి తెలుగు రాదు, కానీ ఎవరితో వ్యవహారమో అర్థమైంది. అప్పటిదాకా మావాడికోసం అట్లకాడలు గాల్లో తిప్పుతున్నవాడు ఆ ఆట ఆపేసి నాన్నవైపే చూస్తూ వండటం మొదలుపెట్టాడు.

రొయ్య వీపు చీల్చి నరం తీశాడు. నడుమ వేడి మీద పరిచి, వంకర తిరగకుండా ఒక ఇనప బిళ్లతో నొక్కిపెట్టాడు. చుయ్‌మన్న శబ్దం తగ్గుతుండగానే తిరగేశాడు. రెండో వైపు ఇంకా తక్కువ సేపు. తర్వాత అంచుకి లాగి నిమ్మరసం, వెన్న. ఇంట్లో మేం తలలు పులుసులో వేస్తాం, లేదా పిల్లికి వేస్తాం. ఇతను తలల్ని విడిగా పెట్టి, అట్లకాడతో అదిమి అదిమి, అప్పడంలా కరకరలాడేదాకా వదల్లేదు. నాన్న ఒకటి నమిలి, ఇంకోటి నమిలి, మా ఆయన పళ్లెంలోది కూడా తీసుకున్నారు. "ఇన్నేళ్లూ ఏం పారేశామో చూడు" అన్నారు. మెనూలో విడిగా కొంటే నాలుగు రొయ్యలు 1,600 అని తమ్ముడు అప్పుడే చెప్పి ఉండాల్సింది కాదు. నాన్న లెక్కలో ఒక్క రొయ్య ఖరీదుకి గుంట గట్టు మీద దాదాపు కిలో వస్తాయి.

స్టేక్ సంగతికొస్తే, వాగ్యూ అనే మాట విని వెళ్లేవాళ్లు కాస్త ఆగండి. వాగ్యూ అంటే జపాన్ జాతి పశువు, అందులో పేరుమోసిన కోబె మాంసం హ్యోగో రాష్ట్రపు తజిమా రకానిది. కొవ్వు కండలోపల పాలరాతి గీతల్లా ఉంటుందని దానికంత ధర. మన దేశంలోకి పశుమాంసం దిగుమతి నిషేధం కాబట్టి అది ఇక్కడ దొరకాల్సిన పని లేదు. మేం వెళ్లిన చోట టెండర్‌లాయిన్ (నడుము దగ్గరి మెత్తటి కండ) అని ఇచ్చేది గేదె మాంసమేనని వడ్డించే అమ్మాయి దాచకుండా చెప్పింది. అందులో ఆ కొవ్వు గీతలు ఉండవు. లోపల కాస్త ఎర్రగా ఉండగానే దించకపోతే తోలులా సాగుతుంది. ఆ ఎరుపు చూస్తే మనవాళ్లలో సగం మందికి ఆకలి పోతుంది.

మా ఇంట్లో పెద్దమాంసం తినరు. తమ్ముడు అదే ఆర్డర్ చేశాడు. నాన్న కోప్పడలేదు. "తింటే తిను, మీ అమ్మ పక్కన కూర్చోమాక" అన్నారు. వాడు లేచి ఆ చివరి కుర్చీకి మారాడు. వాడి వాటా అన్నిటికంటే ఆఖర్న కాలింది. ఎలా ఉందని నేను సైగ చేస్తే, "బావుంది" అని సైగ చేశాడు గానీ, మా అందరి పళ్లేల్లో రొయ్యల వైపు చూసిన చూపు నాకు తెలుసు.

ఉల్లిపాయ చక్రాలు గోపురంలా పేర్చి, నూనె పోసి మంట లేపే ఆట కూడా చేశాడు. మావాడు కేకలు. నిజానికి ఆ సర్కస్‌కి పేరొచ్చింది జపాన్‌లో కాదు, అమెరికాలో. కోబెలో మిసోనో అనే హోటల్ 1945లో పెనం మీద స్టేక్ కాల్చడం మొదలుపెట్టిందని చెబుతారు. 1964లో న్యూయార్క్‌లో తెరిచిన బెనిహానాతో అట్లకాడల గారడీ ప్రపంచమంతా పాకింది. జపాన్‌లో పెద్ద హోటళ్లలో వంటవాడు నోరు విప్పకుండా వండుతాడని తమ్ముడి మేనేజర్ అన్నాడట. రొయ్యల దగ్గర ఈ కుర్రాడు ఉన్నట్టే అన్నమాట. నాకు మంట కంటే ఆ మౌనమే నచ్చింది. మంట చూసి నాన్న అన్నది ఒక్కటే, "నూనె దండగ."

చివర్న వెల్లుల్లి అన్నం. మొదట్లోనే వెల్లుల్లి రేకులు ఎర్రగా వేయించి పక్కన పెట్టుకున్నాడు, ఆ నూనెలోనే అన్నీ కాల్చాడు. ఇప్పుడు ఆ రేకులు నలిపి, అడుగున అంటుకున్న మాడు గీకి, అన్నంలో కలిపాడు. రాత్రి మొత్తానికి ఉత్తమమైన ముద్ద అదే. నాన్న మాత్రం, "రుచి బావుంది గానీ, ముద్దలు కట్టింది, మన మొలగొలుకులైతే ఇలా ఉండదు" అన్నారు. జపాన్ బియ్యం జిగటగా ఉండటమే దాని గుణమని చెప్పినా నెల్లూరాయన ఒప్పుకోరు. కుర్రాడు అమ్మ వైపు వంగి, "పోదుమా అమ్మా?" అని తమిళంలో అడిగాడు. చాలా అని. అమ్మకి అంత తమిళం వచ్చు. "పోదుం నాయనా" అని, పెరుగు అడగాలని వచ్చిన మనిషి అడగడమే మర్చిపోయింది.

బిల్లు 25,000. దానిమీద పది శాతం సర్వీస్ చార్జ్ వేసి, ఆ మొత్తం మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ వేశారు, 32,450 అయింది. సర్వీస్ చార్జ్ బలవంతంగా వేయకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022లోనే చెప్పింది, 2025లో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. మా ఆయన మెల్లగా ఆ మాట అంటే మారు మాట్లాడకుండా తీసేశారు. 29,500కి దిగింది. తగ్గినదాంట్లో వెయ్యి రూపాయలు ఆ మణిపూర్ కుర్రాడి చేతిలో పెట్టాం. అది ఇష్టంగా ఇచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం నుంగంబాక్కం వైపు, జపాన్ ఉద్యోగులు తినిపోయే చిన్న చోటుకి వెళ్లాం. కట్‌లెట్, అన్నం, క్యాబేజీ తురుము, సూప్. ఏడుగురికి కలిపి రాత్రి బిల్లులో ఐదో వంతు కూడా కాలేదు. వంటకం కోసమైతే నేను మళ్లీ అక్కడికే వెళ్తాను. పెద్ద హోటల్లో మీరు డబ్బు పెట్టేది మాంసానికి కాదు, ఆ పెనం ముందు కుర్చీకి, మీ వైపే చూస్తూ వండే మనిషికి. ఆ కుర్చీ దొరక్కపోతే లేచి వచ్చెయ్యండి. దొరికితే స్టేక్ వదిలేసి రొయ్యలు, చికెన్ చెప్పండి, చిన్నపిల్లలకి విడిగా సెట్ భోజనం వద్దు. ఆ కుర్చీల్లో రెండో విడతకి కూర్చుంటే ముసలివాళ్లకి ఆలస్యం, మొదటి విడతకే పట్టుబట్టండి.

నెల్లూరు వచ్చిన మూడో రోజు పొద్దున నాన్న మార్కెట్ నుంచి అరకిలో రొయ్యలు, ఒక కొత్త అట్లకాడ తెచ్చారు. అమ్మ పూజలో ఉంది. తలలు విడదీసి, అట్లపెనం పొయ్యి మీద పెట్టి, మావాడిని కుర్చీ వేసుకుని కూర్చోమన్నారు. నూనె రాస్తుండగా అమ్మ వచ్చింది. "నా అట్లపెనం మీద నీసు పెట్టమాక" అని పెనం లాక్కుని లోపలికి పోయింది. సాయంత్రం నాన్న స్టోన్‌హౌస్‌పేట వెళ్లి ఇంకో పెనం కొన్నారు. మందంగా ఉండాలని అడిగి మరీ కొన్నారట, రెండు చేతులతో ఎత్తాల్సి వస్తోంది.