ఉప్పునీళ్లలో దిగిన పచ్చరంగు "నెగటివ్ ఎనర్జీ" కాదు, దయచేసి ఆ నీళ్లు తాగొద్దు

గ్రీన్ అవెంచురిన్ అనే పచ్చరాయి పూసల బ్రేస్‌లెట్ కొనబోతున్నవాళ్లు, తెప్పించుకుని ఇంకా పెట్టె విప్పనివాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. నేను ఎవరి దగ్గర కొన్నానో చెప్పను. మనసుకు ప్రశాంతత అంటూ వీడియోలు పెట్టి రాళ్లు అమ్మే పేజీలు మీ అందరికీ తెలిసినవే. ఎనిమిది మిల్లీమీటర్ల పూసలు, సాగే దారం, చిన్న గుడ్డ సంచి, అందులో ఒక కార్డు. గొడవంతా ఆ కార్డుతోనే.

రాయి "శుద్ధి" కావడానికి దాన్ని రాత్రంతా ఉప్పునీళ్లలో నానబెట్టాలట. తెల్లారి కడిగి, గ్లాసుడు మంచినీళ్లలో గంటసేపు వేసి, ఆ నీళ్లు పరగడుపున తాగాలట. తెల్లారేసరికి గిన్నెలో నీళ్లు పచ్చగా ఉన్నాయి. దారం పచ్చబడింది. పూసల బెజ్జాల చుట్టూ మాత్రం రంగు వెలిసి తెల్లగా కనబడుతోంది. ఫొటో తీసి అమ్మినవాళ్లకు పంపితే వచ్చిన జవాబు ఇది: "భయపడకండి. రాయి మీలో ఉన్న నెగటివ్ ఎనర్జీని లాగి నీళ్లలో వదిలింది. బాగా పనిచేస్తోందని అర్థం. ఇవాళ్టి నుంచే నీళ్లు తాగడం మొదలుపెట్టండి."

రంగు వేసిన రాయిని అసలుదని అమ్మితే అది మోసం. రంగు దిగిన గిన్నెను కళ్లారా చూసి కూడా ఆ నీళ్లు తాగమనడానికి ఏ పేరు పెట్టాలి? అది ఏం రంగో తెలియదు. బట్టలకు వేసేదో, తోలుకు వేసేదో, మనిషి కడుపులోకి వెళ్లడానికి చేసింది మాత్రం కాదు. మళ్లీ అడిగితే "శుద్ధి మొదలయ్యాక వాపసు ఉండదు, నమ్మకం లేనివాళ్లకు రాయి పనిచేయదు" అని నంబర్ బ్లాక్ చేశారు. తప్పంతా కొన్నవాళ్ల నమ్మకం మీదకు నెట్టేశారు. ఈ రాళ్లు కొనేది ఎవరు? నిద్ర పట్టనివాళ్లు, ఊరికే గుండె దడదడలాడేవాళ్లు, ఏదో ఒక ఊరట కోసం వెతుకుతున్నవాళ్లు. వాళ్లతో ఇలా మాట్లాడతారా?

నిజమైన గ్రీన్ అవెంచురిన్ రంగు నీళ్లలో దిగదు. దిగే అవకాశమే లేదు. అది సన్నటి స్ఫటికపు (క్వార్ట్జ్) రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడిన రాయి. ఆ రేణువుల మధ్య ఫుక్సైట్ అనే అభ్రకం రేకులు ఉంటాయి. అభ్రకంలో ఉన్న క్రోమియం వల్ల ఆ ఆకుపచ్చ, రేకుల మీద వెలుగు పడి తిరిగి రావడం వల్ల ఆ మిణుకు. రంగు ఖనిజం నిర్మాణంలోనే ఉంది కాబట్టి ఉప్పునీళ్లు దాన్ని బయటికి లాగలేవు. నీళ్లు పచ్చబడ్డాయంటే రంగు బయట నుంచి ఎక్కించారని అర్థం.

ఎలా ఎక్కిస్తారంటే, రంగులేని చవక స్ఫటికాన్ని బాగా కాల్చి చల్లటి నీళ్లలో పడేస్తారు. ఒక్కసారిగా చల్లబడేసరికి లోపలంతా సన్నటి బీటలు వస్తాయి. ఆ బీటల్లోకి రంగు పట్టిస్తారు. పైన మెరుగు పెడితే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. రాత్రంతా నానితే బీటల్లో ఉన్న రంగు వచ్చినదారినే బయటికి వస్తుంది. కార్డులో ఉప్పునీళ్ల మాట రాసినవాళ్లకు ఈ సంగతి తెలియకపోతే, తెలియకుండా ఎందుకు అమ్ముతున్నారు?

గాజు మీద రాయితో గీత పెట్టి "చూడండి, అసలుది" అని చూపించే వీడియోను నమ్మడం నా పొరపాటు. ఇది అందరికీ చెప్పాలి. రాళ్ల గట్టితనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలతలో గాజు దాదాపు 5.5, స్ఫటికం 7. రంగు వేసినా వేయకపోయినా స్ఫటికం గాజును గీస్తుంది. ఆ పరీక్షలో తేలేది అది గాజు కాదనే, రంగు సంగతి అందులో తేలదు. సాంద్రత, అంటే అంతే పరిమాణం నీళ్లకంటే రాయి ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకె, కూడా ఇక్కడ అక్కరకు రాదు. అవెంచురిన్‌దీ రంగు పూసిన స్ఫటికానిదీ 2.65 దగ్గరే ఉంటుంది. అవెంచురిన్‌ను "ఇండియన్ జేడ్" అని పేరు మార్చి జేడ్ అనే వేరే పచ్చరాయిగా అంటగట్టినప్పుడు మాత్రం సాంద్రత పట్టిస్తుంది. జేడ్‌లో రెండు రకాలు, నెఫ్రైట్ 2.95 చుట్టూ, జేడైట్ 3.3 చుట్టూ ఉంటాయి. విడి రాయిని పొడిగా తూచండి. తర్వాత కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నాకు తెచ్చి, రాయిని దారంతో నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగుకీ అంచుకీ తగలకుండా వేలాడదీయండి. పొడి బరువును అప్పుడు కాటా చూపే అంకెతో భాగించండి. పొడిగా 26.5 గ్రాములు, వేలాడదీసినప్పుడు 10 గ్రాములు వస్తే సాంద్రత 2.65, అంటే జేడ్ కాదు. దారానికి గుచ్చిన పూసలతో, పూసల మధ్య గాలి బుడగలు నిలిచిపోయినప్పుడు ఈ లెక్క సరిగా రాదు.

రంగు పట్టుకోవడానికి మొదట చూడాల్సింది పూస బెజ్జం. బెజ్జం అంచున, బీటల వెంట రంగు చిక్కగా పేరుకుని, మధ్యలో పలచగా ఉంటే అనుమానించండి. పూస వెనక ఫోన్ టార్చ్ పెట్టి పదింతలు పెద్దగా చూపే భూతద్దంతో చూడండి. రంగు వేసినదైతే పచ్చదనం సాలెగూడులా గీతలు గీతలుగా ఉంటుంది. అసలుదైతే చిన్న చిన్న అభ్రకం రేకులు చెదిరినట్టుండి, పూసను తిప్పినప్పుడు ఒక్కోటి ఒక్కో కోణంలో తళుక్కుమంటుంది. గుండ్రటి గాలి బుడగలు, పాకం తిప్పినట్టు సుడులు కనిపిస్తే అది గాజు. అవెంచురిన్ పూసలు అన్నీ ఒకే ఛాయలో రావు. పదిహేను, ఇరవై పూసలు అచ్చు గుద్దినట్టు ఒకే పచ్చలో ఉన్నాయంటే రెండోసారి చూడండి.

ఆ తర్వాత దూది పరీక్ష. ఇయర్ బడ్‌ను అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్‌లో తడిపి, కనబడని చోట, బెజ్జం పక్కన, పదిహేను ఇరవై సెకన్లు రుద్దండి. దూదికి పచ్చ అంటితే ఇంకేం చూడక్కర్లేదు. దూది తెల్లగా ఉన్నంత మాత్రాన అసలుదని తేల్చేయకండి, పైన రెసిన్ (ప్లాస్టిక్ లాంటి జిగురు) పూత ఉంటే రంగు వెంటనే రాదు. అసిటోన్‌ను సాగే దారానికి తగలనివ్వకండి, దీపం దగ్గరా పొయ్యి దగ్గరా సీసా మూత తీయకండి.

అన్నిటికంటే భయం వేసేది, ఆ కార్డు మీద "అన్ని పచ్చరాళ్లకూ ఇదే పద్ధతి" అని అచ్చు వేసి ఉండటం. మలకైట్ కూడా పచ్చరాయే. అది రాగి కార్బొనేట్, బరువులో సగానికి పైగా, దాదాపు 57 శాతం, రాగే ఉంటుంది. సాదా నీళ్లలో పెద్దగా కరగదు కానీ నిమ్మరసం, వెనిగర్ లాంటి పులుపు తగిలితే బుడగలు కక్కుతూ కరుగుతుంది. కడుపులో ఉండేదీ ఆమ్లమే. రాగి ఎక్కువగా లోపలికి వెళితే వికారం, వాంతులు, కడుపునొప్పి. మలకైట్ వేసిన నీళ్లు తాగొద్దు, పిల్లల నోటికి అందేలా ఉంచొద్దు, ఇంట్లో సానబెట్టొద్దు, ఆ పొడి పీల్చినా ప్రమాదమే. ఇప్పటికే తాగినవాళ్లు ఉంటే, ఒంట్లో ఏమాత్రం తేడాగా ఉన్నా డాక్టర్ దగ్గరికి వెళ్లి ఏ రాయి వేసిన నీళ్లో చెప్పండి. గ్రీన్ కాల్సైట్ గట్టితనం 3 మాత్రమే, పులుపు తగిలితే మెరుగు పోతుంది. ఫ్లోరైట్ గట్టితనం 4, నాలుగు దిక్కుల్లో నున్నగా చీలిపోయే గుణం ఉంది, వేడినీళ్ల నుంచి చన్నీళ్లలోకి మారిస్తే పగులుతుంది. ఇన్ని రకాల రాళ్లకు ఒకే కార్డు!

నిజమైన అవెంచురిన్ మీ దగ్గరుంటే దానికి పెద్ద సేవలేమీ అక్కర్లేదు. గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కల తేలికపాటి సబ్బు, మెత్తటి బ్రష్, ఒక నిమిషం. కడిగి నూలుగుడ్డతో తుడిచి, బెజ్జాలు ఆరేదాకా పరిచి ఉంచండి. ఉప్పు వద్దు. రాయి తట్టుకున్నా మధ్యలో ఉన్న వెండి పూస నల్లబడుతుంది, బెజ్జాల్లో ఉప్పు గడ్డకట్టి దారాన్ని కోస్తుంది. రంగు వేసినదాన్ని ఎండలో పెడితే వెలిసిపోతుంది కూడా. శుద్ధి చేయాలన్న నమ్మకం ఉన్నవాళ్లు వెన్నెల్లో పెట్టుకోండి, గంట మోగించుకోండి. వాటితో రాయికీ మనిషికీ హాని లేదు. మలకైట్, ఫ్లోరైట్‌లతో కలిపి ఒకే సంచిలో వేయొద్దు, అవెంచురిన్ వాటిని గీసేస్తుంది.

ప్రశాంతత మాటకొస్తే, రాయి జబ్బు నయం చేస్తుందని రుజువేమీ లేదు. చల్లగా నున్నగా ఉన్న రాయిని గుప్పిట్లో పెట్టుకుని, బొటనవేలితో నెమ్మదిగా రాస్తూ, నాలుగు లెక్కపెట్టేంతసేపు ఊపిరి పీల్చి ఆరు లెక్కపెట్టేంతసేపు వదిలితే మనసు కుదుటపడుతుంది. ఐదు నిమిషాలు చాలు. అందులో పని చేసేది ఊపిరి, ధ్యాస. దానికి రాయిని నానబెట్టక్కర్లేదు, నీళ్లు తాగక్కర్లేదు. ఆందోళనకో రక్తపోటుకో వాడుతున్న మాత్రలు ఎవరో రాళ్లమ్మేవాళ్లు చెప్పారని ఆపకండి.

కొనేముందు మూడు ప్రశ్నలు మెసేజ్‌లోనే అడగండి, ఫోన్‌లో కాదు: ఇది సహజమైన రాయేనా, రంగు వేశారా, రెసిన్ ఎక్కించారా? రాతలో జవాబివ్వనివాళ్ల దగ్గర కొనకండి. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. ఇప్పటికే రంగు దిగినవాళ్లు ఆ నీళ్లు పారబోసే ముందు గిన్నెను, దారాన్ని, పచ్చబడిన దూదిని కార్డు పక్కనే పెట్టి ఫొటో తీసుకోండి. బ్లాక్ చేసేలోపు చాట్ అంతా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.