జారే డెక్‌కి ఏది మేలు: బ్రష్షా, ప్రెషర్ వాషరా, పెయింటా, కొత్త పలకలా?

పోయిన సెప్టెంబరులో, రెండు రోజుల ముసురు తగ్గిన ఉదయం, నాన్న కాఫీ కప్పు పట్టుకుని వెనక తలుపు తీసుకుని డెక్ మీదికి, అంటే ఇంటి వెనకుండే చెక్క పలకల అరుగు మీదికి, వెళ్లారు. మెట్లు దిగబోతూ రెండో మెట్టు మీద హవాయి చెప్పు జారి అలాగే కూలబడిపోయారు. మోచెయ్యి గీరుకుపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు. డెబ్బై రెండేళ్ల మనిషి, తుంటి ఎముకకి ఏమైనా అయ్యుంటే అన్న ఆలోచనకే నాకు చేతులు వణికాయి. నాన్న మాత్రం లేస్తూ, "పాచి పట్టిన బావి గట్టులా ఉందిరా, చూసుకోలేదు" అన్నారు.

వంగి చూస్తే నిజంగానే పాచి. ఐదేళ్లుగా రోజూ చూస్తున్న డెక్కే. చెక్క పాతబడింది, అందుకే జారుతోంది అనుకుంటూ వచ్చాను. చెక్క జారదు. దాని మీద పెరిగిన నాచు తడిస్తే జారుతుంది. ఈ తేడా తెలిశాక ఖర్చు లెక్కే మారిపోయింది.

మా ఇల్లు నార్త్ కరోలినాలో, కేరీలో. డెక్ 12 అడుగులు బై 14 అడుగులు, ప్రెషర్ ట్రీటెడ్ (పుచ్చకుండా మందు ఎక్కించిన) సదరన్ పైన్ చెక్క, 2007లో ఇంటితో పాటే కట్టింది. ఉత్తరం వైపు ఉంటుంది, పైన మేపుల్ చెట్టు నీడ. ఇక్కడి ఉక్కపోతకి, నీడకి నాచు పట్టక ఏం చేస్తుంది? అట్లాంటా, షార్లెట్, న్యూజెర్సీ, ఎక్కడ చూసినా మనవాళ్ల ఇళ్ల వెనక దాదాపు ఇదే డెక్, ఇదే గొడవ. నేను విచారించినవి, చేసి చూసినవి పక్కపక్కన పెట్టి చెబుతాను.

ముందుగా డబ్బు ఖర్చు లేని పని ఒకటి. ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని డెక్ కిందికి వెళ్లండి. స్తంభాల అడుగున, దూలాల చివర్లలో, మెట్ల పక్క చెక్కల్లో, ముఖ్యంగా ఇంటి గోడకి డెక్‌ని బిగించిన దూలంలో గుచ్చి చూడండి. గట్టిగా ఆగితే సరే. వెన్నలో దిగినట్టు దిగితే లోపల పుచ్చింది. అప్పుడు పైపై మెరుగులు ఆపి తెలిసినవాళ్లని పిలవాలి. గోడ దగ్గరి దూలం ఊడితే మనుషులతో సహా డెక్ కూలిపోతుంది, అక్కడ పొదుపు చూడకూడదు. మా దాంట్లో నాలుగు పైపలకలు మాత్రమే పుచ్చాయి, కింద అంతా గట్టిగానే ఉంది.

ఇల్లు ఏ సంవత్సరంలో కట్టారో కూడా చూడండి. 2003 చివరి దాకా ఇళ్లకి వాడే ట్రీటెడ్ చెక్కలో ఆర్సెనిక్, క్రోమియం ఉన్న సీసీఏ మందు ఎక్కించేవాళ్లు. ఆ డిసెంబరు 31తో ఇళ్ల వాడకానికి దాన్ని ఆపేశారు. మీ డెక్ అంతకన్నా పాతదైతే సాండ్‌పేపర్ పట్టొద్దు, ఊడదీసిన ముక్కల్ని కాల్చొద్దు. కింద నేను చెప్పబోయే పౌడర్లూ యాసిడ్లూ కూడా దాని మీద పోయొద్దు, క్రోమియం మరింత విషంగా మారే ప్రమాదం ఉంది. సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్, ఏటా ఒక పూత, దానికి అంతే.

ఇక కడగడం. అసలు విషయం ఇక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మనకి మొదట తట్టేది బ్లీచింగ్. ఊళ్లో బావి గట్టు మీదా బాత్రూమ్ గచ్చు మీదా బ్లీచింగ్ పౌడర్ చల్లి చీపురుతో రుద్దిన అలవాటు. అమ్మ కూడా అదే అంది. ఇక్కడ బట్టల బ్లీచ్ గ్యాలన్ నాలుగైదు డాలర్లకి దొరుకుతుంది కాబట్టి చవక కూడా. కానీ సిమెంటు వేరు, చెక్క వేరు. క్లోరిన్ బ్లీచ్ నాచుని చంపుతుంది నిజమే, దాంతో పాటు చెక్క నారని పట్టి ఉంచే లిగ్నిన్‌ని కూడా తినేస్తుంది. ఆరాక చెక్క తెల్లగా పాలిపోయి, పైన నూగులా లేస్తుంది. స్క్రూలు తుప్పు పడతాయి, పక్కనున్న మల్లె మొక్క మాడిపోతుంది. చాలక అందులో పొరపాటున అమ్మోనియా గానీ యాసిడ్ గానీ కలిస్తే విషవాయువు వస్తుంది. చవకే గానీ నేను వద్దంటాను.

రెండోది ప్రెషర్ వాషర్, నీళ్లని ధాటిగా చిమ్మే మెషీన్. అందరికీ ముచ్చట ఇదంటేనే. వీడియోల్లో నల్లటి పలక మీద తెల్ల గీత పడుతుంటే చూడటానికి ఎంత హాయిగా ఉంటుందో! నేనూ పక్కింటి నుంచి తెచ్చి ఒక మూల ప్రయత్నించాను. పది నిమిషాల్లో బంగారంలా తేలింది. మర్నాడు ఆరాక చేత్తో తడిమి చూస్తే పిల్లి నాలుకలా గరుకు, అక్కడక్కడ పేళ్లు లేచి ఉన్నాయి. పైన్ చెక్కలో మెత్తటి పొర, గట్టి పొర ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. నీటి దెబ్బకి మెత్తది కొట్టుకుపోయి గట్టిది గట్లలా మిగులుతుంది. ఆ సందుల్లో నీళ్లు నిలుస్తాయి, నాచు ముందుకన్నా తొందరగా తిరిగి వస్తుంది. అంటే ఈ ఏడాది తెల్లగా ఉన్నది వచ్చే ఏడాదికి ఇంకా ఎక్కువ జారుతుంది. మెషీన్ వాడక తప్పదంటే 40 డిగ్రీల వెడల్పు నాజిల్ పెట్టి, ఒత్తిడి 500, 600 పీఎస్ఐ దాటకుండా, పలకకి అడుగు దూరంలో, చెయ్యి ఆపకుండా పొడవునా పోనివ్వాలి. పౌడర్‌తో రుద్దాక జాడించడానికి మాత్రం అది మంచి సాధనం.

మూడోది ఆక్సిజన్ బ్లీచ్, అంటే సోడియం పర్‌కార్బొనేట్ పౌడర్. బట్టల మరకలకి డబ్బాల్లో అమ్మే ఆక్సిజన్ పౌడర్లలో పనిచేసేదీ ఇదే. నీళ్లలో కలిపితే హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా, వాషింగ్ సోడాగా విడిపోతుంది. గ్యాలన్ గోరువెచ్చటి నీళ్లకి ఒక కప్పు చొప్పున కలిపి, మొక్కలన్నీ ముందే తడిపి, డెక్ మీద ధారాళంగా పోశాను. నిమిషంలో సన్నటి నురగ పైకి తేలింది, పలక సందుల్లోంచి ఆకుపచ్చ మురికి ఉబికి వచ్చింది. పదిహేను, ఇరవై నిమిషాలు ఆరిపోకుండా మధ్యమధ్య నీళ్లు చిలకరిస్తూ, గట్టి నైలాన్ బ్రష్‌తో పలక పొడవునా రుద్దాను. ఇనప తీగల బ్రష్ వాడకండి, విరిగిన ముక్కలు చెక్కలో ఉండిపోయి తుప్పు చుక్కలు పడతాయి. కలిపిన నీళ్లు ఆ పూటకే పనికొస్తాయి, మూత బిగించి దాచొద్దు, గ్యాస్ పుట్టి డబ్బా పగులుతుంది.

శనివారం పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం అయింది, నడుం పట్టేసింది. కానీ ఆరాక చెక్క నున్నగా, చెప్పుల్లేకుండా నడిచేలా ఉంది. ఈ పౌడర్ చెక్కని కొంచెం నల్లబరుస్తుంది, మేకుల చుట్టూ పాత తుప్పు మరకలు కూడా ఉంటాయి. గ్లోవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని ఆక్సాలిక్ యాసిడ్ నీళ్లు పలచగా పోసి కడిగితే తేనెరంగు తిరిగొచ్చింది. పౌడర్‌ని పూర్తిగా జాడించాకే యాసిడ్, రెండూ కలపకూడదు.

మూడింట్లో నా ఓటు ఈ ఆక్సిజన్ పౌడర్, బ్రష్‌కే. రెండు డెక్‌లున్న పెద్ద ఇల్లయినా, రెండు శనివారాలు పట్టినా అదే మేలు.

పలకల మధ్య సందుల సంగతి చాలామంది మరిచిపోతారు. మేపుల్ ఆకులు కుళ్లి అక్కడ ఒత్తుగా పేరుకుంటాయి, వాన నీరు కిందికి దిగదు, నాచుకి అదే విత్తనాల బస్తా. దానికి సన్నటి పరికరం ఏదా అని వెతుకుతుంటే అమ్మ వంటింట్లోంచి పాత అట్లకాడ తెచ్చి ఇచ్చింది. అచ్చంగా సరిపోయింది. ఒక్క సాయంత్రంలో రెండు బకెట్ల చెత్త తీశాం.

పుచ్చిన నాలుగు పలకలు మార్చాను. పైకి పగుళ్లిచ్చి, అడుగున గట్టిగా ఉన్న వాటిని ఊడదీసి తిప్పి బిగించాను, ఆ రకంగా మూడు పలకలు దక్కాయి. స్క్రూలు ట్రీటెడ్ చెక్కకి పనికొచ్చే పూత ఉన్నవో, స్టెయిన్‌లెస్ స్టీలువో తీసుకోవాలి. ఇప్పటి ట్రీటెడ్ చెక్కలో ఉండే రాగి మామూలు ఇనుముని త్వరగా తినేస్తుంది. పేళ్లు లేచిన చోట 60 నంబరు సాండ్‌పేపర్ చాలు. ఇంకా నున్నగా చేయాలని 120, 150 దాకా పోతే చెక్క మూసుకుపోయి పూత తాగదు.

పూత విషయంలో మనవాళ్ల ఇళ్లలో వాదన ఎక్కువ. మా ఆవిడ ముదురు గోధుమరంగు పెయింట్ వేస్తే పాతదనమంతా దాగిపోతుందంది. చూపుకి ఆ మాట నిజమే. పెయింట్‌, చెక్క గీతలు కనబడనివ్వని సాలిడ్ స్టెయిన్‌ పైన ఒక పొరలా కూర్చుంటాయి. పగుళ్లు కప్పుతాయి, ఎండని బాగా ఆపుతాయి. కానీ నీళ్లు పైనుంచే రావు కదా, అడుగు నుంచి, పలక చివర నుంచి కూడా చెక్క తాగుతుంది. ఎండెక్కేసరికి ఆ తేమ బయటికి రావాలని పొరని పైకి నెడుతుంది, పెచ్చులు లేస్తాయి. అప్పుడు మొత్తం గీకితే తప్ప కొత్తది పట్టదు. పైగా ఆ నున్నటి పొర తడిస్తే మళ్లీ జారుడే. పగుళ్లు నింపుతామంటూ అమ్మే మందపాటి పూతలైతే మరీను. మా వీధిలో ఒకాయన వేయించారు, రెండు చలికాలాలకే అట్టలు అట్టలుగా ఊడి, అది వదిలించడానికి ఆయన పడ్డ పాట్లు చూస్తే జాలేసింది.

సెమీ ట్రాన్స్‌పరెంట్ ఆయిల్ స్టెయిన్, అంటే చెక్క గీతలు కనబడేలా ఉండే రంగు నూనె, చెక్కలోకి ఇంకుతుంది, పైన పొర కట్టదు. పాతదనం పూర్తిగా దాచదు, నడిచే చోట రెండు మూడేళ్లకి వెలిసిపోతుంది. కానీ వెలిసిపోవడమే, పెచ్చులు లేవవు. కడిగి, ఆరబెట్టి, మళ్లీ ఒక చెయ్యి వేస్తే చాలు. రంగు అసలే లేని ఆయిల్ కన్నా ఇది మేలు, ఎందుకంటే ఎండని అడ్డుకునేది ఆ రంగే. నేను దీన్నే ఎంచుకున్నాను. రెయిలింగ్‌కి మాత్రం మా ఆవిడ అడిగిన సాలిడ్ రంగు వేశాం. నిలువు చెక్క మీద నీళ్లు నిలవవు, కాళ్లు పడవు, అక్కడ అది ఏళ్ల తరబడి నిలుస్తుంది. రంగు మార్చే ముందు హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లని అడగండి, కొన్ని కాలనీల్లో అనుమతి కావాలి.

కడిగాక కనీసం రెండు ఎండలు కాయనిచ్చి, నాలుగు నీటి చుక్కలు చల్లి చూశాను. వెంటనే ఇంకిపోతే చెక్క సిద్ధమైనట్టు, ముత్యాల్లా నిలిస్తే ఆగాలి. స్టెయిన్ ఒకే పలచటి చెయ్యి, ఎండ నేరుగా పడని వేళ. పావుగంట తర్వాత ఇంకకుండా మెరుస్తున్న చోటల్లా గుడ్డతో తుడిచేయాలి. మిగిలిందని రెండో చెయ్యి వేస్తే అది జిగురుగా ఆరి, మనం వదిలించుకోవాలనుకున్న జారుడునే తెచ్చిపెడుతుంది. తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి గరాజ్‌లో పడేయకండి. ఆయిల్ గుడ్డలు లోలోపల వేడెక్కి వాటంతట అవే అంటుకుంటాయి. బయట విడివిడిగా పరిచి పూర్తిగా ఆరనివ్వండి, లేదా మూత ఉన్న ఇనప డబ్బాలో నీళ్లు పోసి ముంచండి.

ఈ పని నార్త్ కరోలినాలో మార్చి, ఏప్రిల్‌లో పెట్టుకోవద్దు. పైన్ పుప్పొడి పసుపు చల్లినట్టు అన్నిటి మీదా పడుతుంది, తడి స్టెయిన్‌కి అతుక్కుంటే ఇక రాదు. నేను అక్టోబరులో చేశాను.

మెట్లకి అదనంగా పట్టు కావాలి. గరుకు టేపు చవక, కానీ ఆయిల్ స్టెయిన్ మీద సరిగా అంటదు, చలికి అంచులు లేస్తాయి, లేచిన అంచే కాలికి తగులుతుంది. స్క్రూలతో బిగించే గరుకు పట్టీలు కొంచెం ఖరీదైనా మెట్టుకొకటి వేశాను. డెక్ అంతా వేయలేదు. మన ఇళ్లలో వట్టి కాళ్లతో తిరుగుతాం, పిల్లలు అక్కడే కూర్చుని ఆడతారు, అరికాళ్లు, మోకాళ్లు గీరుకుపోతాయి.

అంతా పీకి కాంపోజిట్ పలకలు (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసినవి) వేయించడం చివరి దారి. మాకు 8,000 డాలర్లకి తక్కువ ఎవరూ చెప్పలేదు. రంగు వేసే పని ఉండదు, పేళ్లు గుచ్చుకోవు, ఆ సుఖం నిజమే. అయితే ఎండలో కాలు పెట్టలేనంత వేడెక్కుతాయి, అడుగున ఉండేది మళ్లీ ట్రీటెడ్ చెక్క దూలాలే, నీడ పట్టున వాటి మీదా నాచు పడుతుంది, వాటినీ కడగాల్సిందే. పైపలకలు సగానికి పైగా పుచ్చి, ఇంకో పదేళ్లు ఆ ఇంట్లోనే ఉండేవాళ్లకైతే లాభం. మాలాంటి వాళ్లకి కాదు.

నా ఖర్చు: పౌడర్ 25, ఆక్సాలిక్ యాసిడ్ 15, బ్రష్, కర్ర 20, పలకలు 60, స్క్రూలు 15, స్టెయిన్ రెండు గ్యాలన్లు 100, మెట్ల పట్టీలు 45. మొత్తం 280 డాలర్లు, మూడు శనివారాలు. రెయిలింగ్ రంగు గరాజ్‌లో ఉన్నదే సరిపోయింది.

ఇప్పుడు వారానికోసారి ఊడుస్తాను. కుండీల కింద చిన్న చెక్క ముక్కలు పెట్టి గాలి ఆడేలా లేపాను, మేపుల్ కొమ్మలు రెండు కొట్టించాను. మధ్యాహ్నం మెట్ల మీదికి ఎండ వస్తోంది. నాన్న జనవరిలో ఊరికి వెళ్లేదాకా, వాన వెలిసిన ప్రతి ఉదయం ఆ మెట్లు దిగి మొక్కల దగ్గరికి వెళ్లారు. కొన్నాళ్లు రెయిలింగ్ గట్టిగా పట్టుకున్నారు. డిసెంబరు నాటికి ఒక చేతిలో కాఫీ, రెండో చెయ్యి వెనక పెట్టుకుని దిగుతుంటే కిటికీలోంచి చూశాను.